తాళాలమ్మకు ఇత్తడి బొత్తాం

దర్జీకి ఉన్నది ఒక్కటే పిచ్చి. ఆయన నడిపే ఆటలో దారిన పోయే దానయ్య కూడా పెరిగి పెద్దవాడైపోతాడు.

ముందు ఆ ఆట సంగతి చెప్పాలి. ఆదివారం కుట్టు దుకాణానికి సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, గుడ్డలు కత్తిరించే పొడుగాటి బల్ల మీద దర్జీ సుద్దముక్కతో కోటలూ అడవులూ గీస్తాడు. చుట్టూ ముగ్గురు కూర్చుంటారు: మందుల షాపాయన, బడి పంతులమ్మ, దర్జీ చెల్లెలి మొగుడైన లిఫ్టు మెకానిక్. ముగ్గురూ మూడు వీరుల వేషాలు. పాచికలు వేస్తారు, యుద్ధాలు చేస్తారు, గెలిచినకొద్దీ బలం పెంచుకుంటారు. ఆ లోకంలో తక్కిన జనమంతా, అంటే దొంగలూ దుకాణదారులూ రాజుగారూ అందరూ, దర్జీయే. అందరి గొంతులూ ఆయనవే. బల్ల మీద మనిషికో బొత్తాం. మొదట పల్చటి చొక్కా బొత్తాం, ఎదిగితే కోటు బొత్తాం, ఇంకా ఎదిగితే ఇత్తడి బొత్తాం.

ఇలాంటి ఆటల్లో ఎక్కడైనా వీరులే ఎదుగుతారు. మిగతా జనం ఎక్కడ పెడితే అక్కడ పడి ఉంటారు. దర్జీ దగ్గర ఆ పప్పులుడకవు. "మీరు ఇంటికెళ్ళి పడుకున్నంత మాత్రాన వాళ్ళు పనులు మానుకుంటారా?" అంటాడు. వారమంతా మిషను తొక్కుతూనే వాళ్ళ బాగోగులు చూస్తుంటాడు. ఒకసారి కోటు కొలతలకు వచ్చిన పెద్దమనిషిని చేతులు చాపించి నిలబెట్టి, "ఒక్క నిమిషం సార్, రొట్టెలామె కొత్త పొయ్యి రాజుకుందో లేదో చూసొస్తా" అని పాచికలు వేసుకున్నాడు. పెద్దమనిషి చాపిన చేతులు దించకుండానే, "రాజుకుందా?" అని అడిగాడట.

మందుల షాపాయన వీరుడు ఒక జేబుదొంగను తన్ని తరిమేస్తే, వాడు కొన్నాళ్ళకు పట్టుబట్టల వర్తకుడై పల్లకీలో తిరిగొచ్చాడు. "అదెలా?" అని మందుల షాపాయన నోరు తెరిచాడు. "నువ్వు తన్నావు, వాడికి బుద్ధొచ్చింది. బుద్ధొచ్చాక ఊరికే కూర్చుంటాడా?" అన్నాడు దర్జీ.

ఇవన్నీ మెకానిక్ ఓర్చుకున్నాడు. గాడిద దగ్గర ఓర్చుకోలేకపోయాడు. అతని వీరుడు ఉక్కు పిడుగు. పేరు ఘనమే గానీ పాచికలు అతని మాట వినవు. చచ్చీ చెడీ ఒక రాక్షసుణ్ణి కూల్చి కోటు బొత్తాం సంపాదించిన రోజునే, కొండ మీదికి మూటలు మోసిన గాడిదకు కూడా కోటు బొత్తాం వచ్చింది.

"బావా, నేనూ గాడిదా ఒకటేనా?"

"ఒకటెలా అవుతారు? అది దారి తప్పలేదు కదా" అన్నాడు దర్జీ, చాలా మామూలుగా.

గాడిదతో మొదలైన కుళ్ళు తాళాలమ్మతో ముదిరింది. తాళాలమ్మ కోట వాకిలి దగ్గర కాపలా మనిషి. మొదటి రోజు ఆవిడకున్నది ఒకే ఒక్క మాట: "ఎవరు మీరు, ఏం పని?" ఆ మాత్రం మనిషి రానురాను కొరకరాని కొయ్య అయింది. గోడలు బాగుచెయ్యడానికి తాపీ మేస్త్రీలు వచ్చారని ఉక్కు పిడుగు తలుపులు తియ్యమన్న రోజునే అది మొదలు. ఆ రోజు దర్జీ చెల్లెలు ఎప్పటిలాగే మూల ముక్కాలిపీట మీద కాజాలు కుట్టుకుంటూ, "సున్నం కలిపే చేతులు అంత నున్నగా ఉంటాయా?" అని తనలో తాను గొణుక్కుంది. కాసేపటికి తాళాలమ్మ, "ఏదీ, మీ చేతులు చూపించండి" అంది. చూపిస్తే ఏముంది, శత్రువులు! కోట నిలిచింది. తాళాలమ్మ బొత్తాం మారింది.

తర్వాత బావిలో విషం కలిపారని కనిపెట్టింది తాళాలమ్మ. రాజుగారి చిన్నాన్న మంచితనం నటన అని పసిగట్టింది తాళాలమ్మ. చివరికి ఆవిడకు ఇత్తడి బొత్తాం కూడా దక్కింది. ఉక్కు పిడుగు ఇంకా కోటు బొత్తామే.

మెకానిక్‌కు అన్నం సయించడం మానేసింది. ఇంట్లో కంచం ముందు కూర్చుని, "బల్ల మీద తళతళా మెరుస్తోందే ఆవిడ బొత్తాం! చూడలేక చస్తున్నాను" అనేవాడు.

"ఆవిడంటే మీకంత కుళ్ళేమిటండీ?" అనేది భార్య.

"కుళ్ళా? ఆ తాళాలగుత్తిని చూసి నాకు కుళ్ళా?" అని ముద్ద పక్కన పెట్టేవాడు. "వాకిలి దగ్గర కూర్చునే మనిషికి అంత తెలివెక్కడిదే?"

ఆవిడ మూతి బిగించుకుని మజ్జిగ పోసేది. నవ్వు ఆపుకుంటోందని అతను అనుకోలేదు.

ఇంతలో కోట సేనాపతి ముసలివాడై తప్పుకున్నాడు. ఆట మొదలైనప్పటి నుంచీ మెకానిక్ కన్ను ఆ పదవి మీదే. లిఫ్టు గొయ్యిలో దిగి గ్రీజు రాస్తూ కూడా సేనాపతిగా తను చెయ్యబోయే ప్రసంగం వల్లె వేసుకునేవాడు. పైఅంతస్తువాళ్ళు విని, లిఫ్టు మాట్లాడుతోందని హడలిపోయారు కూడా. ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చి కూర్చున్నాడు.

దర్జీ గొంతు సవరించుకున్నాడు. "కోట జనం ఏకగ్రీవంగా తాళాలమ్మను కోరుకుంటున్నారు. కానీ పెద్ద వీరుడు ఉక్కు పిడుగు ఒప్పుకుంటేనే."

మెకానిక్ దిగ్గున లేచాడు. "జనం ఎవరు బావా? నువ్వేగా! ఆవిడ మాటలు పలికేది నువ్వు, పెంచేది నువ్వు, ఇప్పుడు నా నెత్తినెక్కించేదీ నువ్వే!"

"ఎక్కించింది నేనే. మాటలు మాత్రం నావి కావు" అన్నాడు దర్జీ. "తాళాలమ్మ అన్న తెలివైన మాటల్లో ఒక్కటి కూడా నాది కాదు. మూలనుంచి వినపడింది వినపడినట్టు అప్పజెప్పాను."

మూల సూది ఆగిపోయింది. ముగ్గురూ అటు తిరిగారు. మెకానిక్ భార్య మొహం కందిపోయింది.

"నేనేదో ఊసుపోక అన్నవి అన్నయ్యా..."

"నిన్ను ఆటకు రమ్మని ఎన్నిసార్లు పిలిచాను? వాళ్ళంతా ఆరితేరిపోయారు, ఇప్పుడు నేను ఓనమాలు దిద్దుతుంటే నవ్వుతారు అన్నావు. సరే, నువ్వు సిగ్గు వదిలి బల్ల దగ్గరికొచ్చేలోగా నీ మనిషిని వీళ్ళతో సమానం చేసి ఉంచుదామనుకున్నాను. సమానమని మొదలుపెడితే దాటిపోయింది. నేనేం చెయ్యను?" అని ఇత్తడి బొత్తాం తీసుకెళ్ళి చెల్లెలి అరచేతిలో పెట్టాడు.

మెకానిక్ కూలబడ్డాడు. తాళాలమ్మను తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. అన్నీ ఎవరికి వినిపించాడో కూడా గుర్తొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. అయినా కుళ్ళు ఒక్కసారిగా చావదు కదా. బింకంగా అడిగాడు: "సేనాపతివైతే ముందు ఏం చేస్తావు?"

ఆవిడ బొత్తాం వంకే చూస్తూ నెమ్మదిగా అంది. "ఉత్తరం బురుజు ఉక్కు పిడుగుకు అప్పగిస్తాను. పోయిన ముట్టడిలో అందరూ వెనక్కి తగ్గారు. పాచికలు ఒక్కటీ పడకపోయినా ఆ బురుజు వదలనిది ఆయనొక్కడే. నేను చూస్తూనే ఉన్నాగా."

పంతులమ్మ మందుల షాపాయన వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. మెకానిక్ గబగబా లేచి, తను కూర్చున్న కుర్చీనే తుడిచి భార్య ముందుకు జరిపాడు.

"ఉక్కు పిడుగుకు సమ్మతమే. రాసుకో బావా" అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

కొత్త సేనాపతి వచ్చి ఆ కుర్చీలో సర్దుకుంది. దర్జీ డబ్బాలోంచి ఒక పల్చటి చొక్కా బొత్తాం ఏరి కోట వాకిలి దగ్గర పెట్టాడు. "వాకిలి ఖాళీ అయింది. ఇదిగో, కొత్త కాపలావాడు. పాపం, ఏమీ తెలియదు. వాడి ముందు ఇప్పుడే ఒక సన్యాసి వచ్చి నిలబడ్డాడు, ఎన్నో కోసులు నడిచొచ్చాడట."

బట్టల మూట దించడానికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయిన ఇస్త్రీ ఆయన, మెడ సాచి బల్ల వైపు చూస్తూ గొణిగాడు. "నడిచొస్తే బట్టల అంచులకి దుమ్ముండాలిగా..."

దర్జీ కళ్ళు మెరిశాయి. మెకానిక్ ఒక్క గెంతులో గుమ్మం దగ్గరికెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, ఈయన్ని ఇవాళే బల్ల దగ్గర కూర్చోబెట్టు. మళ్ళీ మొదట్నుంచీ కుళ్ళుకునే ఓపిక నాకు లేదు!"