డేల్ సారు దిబ్బ

ఒక అమెరికా పెద్దమనిషి నెల రోజులు చెమటోడ్చి కట్టుకుని, మూడేళ్లు కంటికి రెప్పలా కాపాడుకున్న మట్టిదిబ్బను నేను ఒక్క పూటలో నేలమట్టం చేశాను. అదీ ఫైనల్ ఆటకు సరిగ్గా ఒకరోజు ముందు. అదీ ఎవరూ చెప్పకుండానే. పైగా పని బాగా కుదిరిందని ఆ సాయంత్రం నాకు నేనే రెండు గ్లాసుల చాయ్ పోసుకుని తాగాను. తర్వాత ఏమైందో చెబుతాను. నవ్వేది నవ్వండి గానీ, మధ్యలో ఆపి "ఇంత తెలివితక్కువవాడివా" అని మాత్రం అడగకండి. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఆ వయసులో తెలివి తక్కువ కావడం ఉండదు, పొంగి పొయ్యి ఆర్పడమే.

మాది మెట్‌పల్లి దగ్గర పల్లె, నాది తాపీ పని. కువైట్ యుద్ధమప్పుడు నేను సౌదీలో ఉత్తరాన ఒక ఎడారి క్యాంపులో ఉన్నాను. సైరన్ మోగితే బకెట్ నెత్తిన బోర్లించుకుని మంచం కింద దూరేవాణ్ని. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు కంపెనీ నన్ను ఖమీస్ ముషైత్‌కు మార్చింది. కొండల మీది ఊరు. ఏసీ లేకుండా నిద్రపట్టే చోటు సౌదీలో ఉందంటే అప్పటిదాకా నమ్మేవాణ్ని కాదు. అక్కడ వాన కూడా పడింది! మొదటి వానకు చొక్కా విప్పి ఆరుబయట నిలబడితే వాచ్‌మన్ నాకు జ్వరం వచ్చిందనుకున్నాడు. ఇక నన్ను ఈ కొండ దించవద్దని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

అక్కడి కాంపౌండ్‌కు పెద్ద డేల్ సారు. యాభై దాటిన మనిషి, టమాట రంగు ముఖం. కోపం వస్తే ఆ టమాట పండుతుంది. ఆయనకు ఇంగ్లీషు పోగా హిందీ ముక్కలు పదో పన్నెండో వచ్చు. మిగతాది డ్రైవర్ ఖాదర్ భాయ్ మాకు తెలుగులో చెప్పేవాడు. ఖాదర్ భాయ్‌ది కడప. నాకంటే పదేళ్లు పెద్ద, నాకంటే వందేళ్లు అనుభవం ఉన్నట్టు మాట్లాడేవాడు.

నేను చేరిన రెండో వారమే డేల్ సారు నన్ను పిలిచి, కాంపౌండ్ వెనక ఉన్న ఆట మైదానం చూపించాడు. ఖాదర్ భాయ్ చెప్పాడు: "ఇది బేస్‌బాల్ ఆడే జాగా అప్పా. శుక్రవారం పొద్దున ఫైనలు. మేం జెద్దా పోయి ఆ పొద్దుటికి వస్తాం. నువ్వు రాళ్లు ఏరి, గుంతలు పూడ్చి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు దిద్దిపెట్టల్ల."

"గంతేనా భాయ్?"

"అంతే. ఎక్కువ చెయ్యాకు."

ఆ చివరి మాట నాకు వినపడింది. కానీ మేస్త్రీ అన్నవాడికి పని చూపించి "ఎక్కువ చెయ్యాకు" అంటే, పిల్లికి పాలు చూపించి ఉపవాసం ఉండమన్నట్టే.

గురువారం పొద్దున పార, తట్ట, దిమ్మిస తీసుకుని మైదానంలో దిగాను. రాళ్లు ఏరాను. గుంతలు పూడ్చాను. మా వాకిట్లో మా అమ్మ వేసే ముగ్గు కూడా అంత తీరుగా ఉండదు, సున్నం గీతలు అలా దిద్దాను. అప్పుడు నా కన్ను మైదానం మధ్యలో పరచి ఉన్న టార్పాలిన్ మీద పడింది. నాలుగు వైపులా రాళ్లు పెట్టి మరీ కప్పారు.

ఇక్కడ మీకో వృత్తి రహస్యం చెప్పాలి. చెడిపోయిన పని మీద టార్పాలిన్ కప్పి, ఇంజనీరు వస్తే "ఇంకా ఆరలేదు సార్" అనడం మా మేస్త్రీల పాత విద్య. నేనూ రెండుసార్లు చేశాను. కాబట్టి ఆ టార్పాలిన్ చూడగానే దొంగను దొంగ గుర్తుపట్టినట్టు నవ్వుకున్నాను. ఎత్తి చూస్తే, అనుకున్నదే! మంచి ఎర్రమట్టి కుప్ప. గుండ్రంగా, బోర్లించిన పళ్లెంలా, మోకాలి కంటే కొంచెం తక్కువ ఎత్తు. నడినెత్తిన ఒక తెల్ల రబ్బరు పలక మేకులతో దిగ్గొట్టి ఉంది.

నేను చూసిన ఆట క్రికెట్ ఒక్కటే. అందులో మైదానం మధ్య చోటు అద్దంలా ఉండాలి. ఇక్కడ ఆ మధ్యలోనే కుప్ప! "ఎవడో పనిదొంగ మట్టి ఒంపి, మీద బట్ట గప్పి పారిపోయిండు" అని తీర్పు చెప్పేశాను. రేపు అంత పెద్ద ఆట ఉంటే, ఎవరైనా తట్టుకుని పడితే? డేల్ సారు పరువు ఏం కావాలి? అలా ఆయన పరువు కాపాడడానికి గడ్డపార ఎత్తాను.

అబ్బ, ఏం గట్టి కుప్పండీ! దిమ్మిస కొట్టి కొట్టి రాయి చేసినట్టుంది. పనిదొంగ ఇంత గట్టిగా ఎందుకు కొట్టాడన్న అనుమానం కూడా నాకు రాలేదు. మధ్యాహ్నానికి చదును చేసేశాను. ఆ మట్టిని మెస్సు వెనక నిమ్మమొక్కల పాదుల్లో పోశాను. తెల్ల పలక బాగుందని మా బాత్రూమ్ గుమ్మం ముందు, కాళ్లు జారకుండా వేశాను. చివరికి నీళ్ల పైపు పట్టి, రెండు కొనల్లోనూ నీళ్లు సమంగా నిలుస్తున్నాయా అని నాలుగు మూలలా మట్టం చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. టార్పాలిన్ మడతపెట్టి, పక్కన పెట్టి, రెండు గ్లాసుల చాయ్ తాగానని చెప్పాను కదా.

శుక్రవారం పొద్దున ఏడింటికి జీపు వచ్చింది. నేను ఉతికిన చొక్కా వేసుకుని, భుజాన నీళ్ల పైపుతో మెప్పు కోసం నిలబడ్డాను. డేల్ సారు గీతలు చూసి "అచ్ఛా, అచ్ఛా" అన్నాడు. మైదానం మధ్య దాకా నడిచి ఆగిపోయాడు. కుడివైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. దారి తప్పి వేరే మైదానానికి వచ్చానా అన్నట్టు వెనక్కి తిరిగి కాంపౌండ్ గోడ చూశాడు.

"గంగారామ్," అన్నాడు మెల్లగా. "మేరా పహాడ్ కిదర్?"

నా కొండ ఏదీ అంటున్నాడు! నేను పొంగిపోయాను. "సాఫ్ కర్ దియా సార్! ఏక్‌దమ్ లెవల్! దేఖో, పానీ బరాబర్!" అంటూ పైపు రెండు కొనలూ ఎత్తి చూపించాను.

ఆయన నీళ్లు చూడలేదు. ఉన్నచోటే కూలబడ్డాడు. యాభై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా రెండు చేతులతో ఆ చదును నేలను తడుముతున్నాడు. ఖాదర్ భాయ్ జీపు తలుపు కూడా వెయ్యకుండా పరిగెత్తుకొచ్చాడు.

"ఏంజేసినావప్పా గంగారామూ! ఆ దిబ్బ మీద నిలబడే బంతి ఇసరల్ల! ఆటంతా ఆడే ఉండాది!"

"గట్లయితే బట్ట ఎందుకు గప్పిన్రు భాయ్?"

"వానకి తడవకుండా కప్పినారు నాయనా! ఆ మట్టి కూడా సారు తన బండిలో వాగు కాణ్ణుంచి మోసుకొచ్చుకున్నాడు. ఒక్కని చేతా ముట్టనీలే. మనోళ్లు ప్రాక్టీసు చేసేదానికి కూడా దాన్ని తొక్కనియ్యడు. వాళ్లు నీళ్ల ట్యాంకు వెనక ఆడుకోవల్ల."

డేల్ సారు తల ఎత్తకుండానే ఏదో అడిగాడు. "ఆ తెల్ల పలక యాడ పెట్టినావని అడుగుతాండాడు," అన్నాడు ఖాదర్ భాయ్.

"బాత్రూమ్ ముంగట."

ఖాదర్ భాయ్ కళ్లు మూసుకుని ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. టమాట పండింది.

"మళ్లా పోస్త సార్! రెండు గంటల్ల పోస్త!" అని పార అందుకున్నాను గానీ, నా చేతులకే తెలుసు. కొత్తగా పోసిన మట్టి తడిసి, దిమ్మిస పడి, ఎండడానికి మూడు రోజులు కావాలి. ఈలోగా ఎవడు ఎక్కినా పాదం కూరుకుపోతుంది. ఆ మాట నేనే ఒప్పుకోవలసి వచ్చింది.

ఖాదర్ భాయ్ నన్ను పక్కకు లాగాడు. "సారు వచ్చే నెల్లో దేశానికి పోతాండాడు. మూడేండ్లుగా ఫైనల్లో ఓడిపోతానే ఉన్నాడు. ఈ కప్పు ఒక్కటన్నా గెలిచి పోవల్లనేది ఆయన ఆశ. ఈసారి గానీ ఓడినామా, నీకు ఖురూజే. పెట్టె సర్దుకోపో."

ఖురూజ్ అంటే తెలియనివాడు గల్ఫ్‌లో ఉండడు. పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి ఇంటికి పంపడం. మా ఇంటికి గోడలైతే లేచాయి, పైన ఆకాశం కనిపిస్తోంది. నేను నిజంగానే పోయి పెట్టె సర్దుకుని వచ్చాను. మైదానం పక్కన దాన్ని పెట్టి, దాని మీదే కూర్చుని ఆట చూశాను. సొంత పెట్టె మీద కూర్చుని ఆట చూసినవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను.

తొమ్మిదింటికి అవతలి కంపెనీ బస్సు వచ్చింది. వాళ్లలో ఛాతీదాకా గడ్డం ఉన్న తాటిచెట్టు ఒకడు దిగాడు. మూడేళ్లుగా మనవాళ్లను ఓడిస్తున్నది అతని చెయ్యే. అతను బంతి విసిరితే కనిపించదట, వినిపిస్తుందట. వాళ్ల పెద్ద మైదానం చూసి "దిబ్బ ఏదీ" అని అడిగాడు. డేల్ సారు గొంతు సవరించుకుని, ఇద్దరికీ ఒకే నేల కదా అన్నాడు. "మావాడు బావిలో దిగైనా ఇసురుతాడు," అని వాళ్ల పెద్ద నవ్వాడని ఖాదర్ భాయ్ చెప్పాడు.

ముందు మనవాళ్ల తరఫున రోమీ బంతి పట్టాడు. రోమీ ఫిలిప్పీన్స్ ప్లంబర్, నా భుజం దాకా ఉంటాడు. బాత్రూమ్ నుంచి కడుక్కొచ్చిన పలక మీద నిలబడి విసిరాడు. బంతి తిన్నగా పోయి, అవతల పట్టేవాడి చేతి తొడుగులో పడింది. రెండోదీ అంతే. డేల్ సారు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"గీయిన మంచిగనే ఏస్తుండు గద భాయ్?"

"అదే నాకూ అర్థం కాలే," అన్నాడు ఖాదర్ భాయ్. "పోయినసారి దిబ్బెక్కితే వీనికి కాళ్లు వణికె."

తర్వాత గడ్డం సారు వంతు వచ్చింది. దిబ్బ మీంచి దిగుతూ విసరడం అతని అలవాటు. మెట్లు దిగేటప్పుడు ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే నేల తగిలి ఒళ్లంతా అదురుతుంది చూడండి, అచ్చం అలా అదిరాడు. బంతి ఎగిరి వెనక కంచెకు తగిలింది. మళ్లీ విసిరాడు, మళ్లీ కంచె. ఈ ఆటలో బంతి నాలుగుసార్లు గాడి తప్పితే, బ్యాటు పట్టినవాడు ఊరికే నడిచి మొదటి బేసుకు పోవచ్చు, అక్కడ ముందే ఉన్నవాడు తర్వాతి బేసుకు జరుగుతాడు. నాలుగు బేసులు చుట్టి వస్తే ఒక పరుగు. మనవాళ్లు సాయంత్రం షికారుకు వెళ్లినట్టు నడిచి నడిచి మూడు పరుగులు తెచ్చారు.

నేను పెట్టె తాడు ఒక ముడి విప్పాను.

తొందరపడ్డాను. గడ్డం సారు ఏమన్నా తక్కువవాడా? అడుగు కుదించుకుని, పద్ధతి మార్చుకున్నాడు. బంతులు వినిపించడం మొదలైంది. వాళ్లు మూడు పరుగులూ సమం చేశారు. నేను మళ్లీ ముడి వేశాను. ఆట చివరి విడతకు వచ్చేసరికి అతనికి అలుపొచ్చింది, మళ్లీ కాలు అదరడం మొదలైంది. మనవాళ్లు మూడు బేసుల్లో ముగ్గురు నిలబడ్డారు. ఇంకొకడు ఔటైతే మన వంతు అయిపోతుంది. బ్యాటు పట్టుకుని రోమీ వచ్చాడు. మూడు బంతులు గాడి తప్పాయి. డేల్ సారు గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"ఏమంటుండు భాయ్?"

"ఏమీ చెయ్యొద్దంటాండాడు. గమ్మున నిలబడమంటాండాడు. ఇంకోటి తప్పితే గెలిచినట్టే."

"ఏం జెయ్యకుండ నిలవడితే గెలుస్తరా?"

"అవునప్పా."

"గా పని నిన్న నేను జేసుంటే అయిపోతుండె గద భాయ్!"

గడ్డం సారు చెయ్యి తిప్పాడు. కాలు నేలకు తగిలి అదిరింది. బంతి రోమీ నెత్తి మీదుగా, పట్టేవాడి నెత్తి మీదుగా పోయి కంచెలో ఇరుక్కుంది. రోమీ రెప్ప కూడా వెయ్యలేదు. మూడో బేసులో ఉన్నవాడు చేతులూపుకుంటూ నడిచి నాలుగో బేసుకు వచ్చాడు. గెలిచాం! ఎవరూ ఏమీ కొట్టకుండా ఫైనల్ గెలిచాం! ఖాదర్ భాయ్ నన్ను పెట్టెతో సహా కావలించుకున్నాడు. సంతోషంతో నాకు ఏడుపు వచ్చేసింది, దాచుకోలేదు.

వాళ్ల పెద్ద మండిపడుతూ వచ్చాడు. "కావాలని చేశారు! ఎవరిదీ ఎత్తు?" డేల్ సారు ఒక క్షణం రోమీని చూశాడు, ఒక క్షణం నీళ్ల ట్యాంకు వెనక ఉన్న చదును నేలను చూశాడు. మూడేళ్లుగా మనవాళ్లు ప్రాక్టీసు చేసింది అక్కడే అని అప్పుడు ఆయనకు తట్టింది. తను ప్రాణంగా పెంచుకున్న దిబ్బే మూడుసార్లూ తనను ఓడించిందన్నమాట! పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వులోనే అందరికీ తన పాత కథ చెప్పాడు, ఖాదర్ భాయ్ మాకు తెలుగు చేశాడు. కాలేజీలో ఆయన బంతి విసిరేవాడట. తర్వాత పగలు ఫ్యాక్టరీలో పని, సాయంత్రం ఊరి జట్టులో ఆట. అక్కడ మైదానం చూసే ముసలాయన ఒకడుండేవాడట. ఎదుటి జట్టులో పరుగు వీరులుంటే ముందురోజు బాటంతా తడిపి బురద చేసేవాడట. ఆడేది తొమ్మిదిమందే అయినా, ఆ ముసలాయనను ఊరంతా పదోవాడు అనేదట.

"ఇదర్ ఆవో గంగారామ్," అని డేల్ సారు నా భుజం మీద చెయ్యి వేసి, వాళ్ల పెద్దతో చెప్పాడు. "ఈయనే మా పదోవాడు."

నేను కాదనలేదు. కాదంటే వినయం అవుతుంది గానీ, ఖురూజ్ కూడా అవుతుందేమో.

జట్టు ఫోటోలో మధ్యలో నేనే. అందరి చేతుల్లో బ్యాట్లు, తొడుగులు. నా చేతిలో నీళ్ల పైపు. నెల తర్వాత వెళ్లిపోతూ డేల్ సారు కప్పు తన పెట్టెలో పెట్టుకుని, తెల్ల పలక నాకిచ్చాడు. ఇప్పుడది మా ఇంట్లో, మళ్లీ బాత్రూమ్ ముందే ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. కొండను తవ్వి కప్పును పట్టినవాణ్ని నేనే.

అయినా దాన్ని అక్కడ వేసిన రోజే, ఆ పలక మీద తడికాళ్లతో నిలబడి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఎవరి దిబ్బా అడగకుండా చదును చెయ్యను. ఆ ఒట్టు ఈనాటికీ తప్పలేదు. మా పక్కింటివాళ్లు ఇల్లు కడతామని మా గేటు ముందు ఇసుక కుప్ప పోసి రెండేళ్లయింది. ఇల్లు లేవలేదు, కుప్ప కదల్లేదు. "మేస్త్రీవి, నీకు పార లేదా?" అని మా ఆవిడ రోజూ అరుస్తుంది.

నేను మాత్రం వినయంగా కుప్ప చుట్టూ తిరిగి ఇంట్లోకి వస్తాను. దాని మీద ఎవరి ఫైనల్ ఆధారపడి ఉందో, ఎవరు చూడొచ్చారు? పైగా మొన్న వాన పడుతుంటే, పాత టార్పాలిన్ తెచ్చి నేనే కప్పాను.