క్లచ్ పెడల్ మీది పొలుసు

2023 వేసవి. ఆటోనగర్‌లో నాకు కొట్టు ఉన్నా, అప్పటికే సగం రోజులు ఇళ్ళకు వెళ్ళి కార్లు చూసేవాణ్ణి. కారు ఎలక్ట్రికల్ పని అంటే వైర్లు కలపడమే అనుకుంటారు చాలామంది. నిజానికి అందులో ముప్పాతిక వంతు వెతుకులాటే. స్టార్ట్ కాని బండిని కొట్టుదాకా తోసుకురావడం కంటే నేనే సంచీ తగిలించుకుని వెళ్ళడం తేలిక. పైగా నాకు మనుషుల ఇళ్ళకు వెళ్ళడం ఇష్టం. బండి గురించి ఒక మాట అడిగితే ఇంటి సంగతులు నాలుగు చెబుతారు.

పటమటలో శ్రీను ఇంటికి అలాగే వెళ్ళాను. అతనికి గన్నవరం ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. రోజూ బైకు మీద వెళ్ళివస్తాడు, కారు ఆదివారాలకూ పెళ్ళిళ్ళకూ తీస్తాడు. ముందురోజు ఫోన్లో తన గోడంతా చెప్పుకున్నాడు.

"ఛార్జింగ్ పెట్టిస్తే కొన్నాళ్ళు బాగుంటుందండి మేస్త్రీ గారూ. తర్వాత కీ తిప్పితే టిక్కుమంటుంది, అంతే. కొత్త బ్యాటరీ వేయించినా అదే తంతు. ఆదివారం కొనేవాళ్ళు వస్తామన్నారు. ఈలోపు లోపం దొరికితే ఉంచుకుంటా, దొరక్కపోతే ఉన్నమాట చెప్పి అమ్మేస్తా. విసుగొచ్చేసింది."

నేను వెళ్ళేసరికి బానెట్ లేపి ఉంది. శ్రీను ఒక చేత్తో ఫోన్లో వీడియో చూస్తూ, రెండో చేత్తో కొత్త మల్టీమీటర్ పట్టుకుని నిలబడ్డాడు. ఆ మీటర్ నా దానికంటే మంచిది, నాకు కాస్త కుళ్ళు కూడా కలిగింది. కుళాయి దగ్గర వాళ్ళమ్మ నాగమణి గారు చేపల టబ్బులు కడుగుతున్నారు. పొద్దున్నే మార్కెట్‌లో చేపలు అమ్మి, మధ్యాహ్నానికి ఇల్లు చేరతారట.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. తాళం వేసిన కారు కూడా గడియారానికీ అలారానికీ కాస్త కరెంటు వాడుకుంటుంది. అది మరీ ఎక్కువైతే పారాసిటిక్ డ్రెయిన్ అంటాం, అంటే దొంగచాటుగా కారిపోయే కరెంటు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మధ్యలో మీటర్ పెట్టి, ఒక్కో ఫ్యూజూ లాగి చూడాలి. ఏది లాగినప్పుడు అంకె పడిపోతుందో, దొంగ ఆ దారిలో ఉన్నట్టు.

"చూడండి, రీడింగ్ ఎంతుందో!" అన్నాడు శ్రీను, దొంగను పట్టేసినంత సంబరంగా.

డ్రైవరు వైపు డోరు బార్లా తెరిచి ఉంది. లోపల దీపం వెలుగుతోంది.

"పొద్దుట్నుంచీ మీరు కొలుస్తున్నది ఆ దీపాన్నేనండీ," అన్నాను.

అతను నాలుక కరుచుకుని నవ్వేశాడు. అతన్ని తప్పు పట్టను. ఫ్యూజుల పెట్టె డోరు పక్కనే ఉంటుంది కాబట్టి ఇంట్లో చూసుకునేవాళ్ళు చాలామంది ఇలాగే దెబ్బతింటారు. డోరు గడియను స్క్రూడ్రైవర్‌తో నొక్కితే డోరు వేసేశారనుకుని బండి దీపం ఆర్పేస్తుంది. ఆ తర్వాత లోపలి కంప్యూటర్లు నిద్రపోయేదాకా బండిని ముట్టుకోకూడదు. అందుకని మెట్ల మీద కూర్చున్నాం. నాగమణి గారు మజ్జిగ తెచ్చి ఇచ్చారు.

"దొరుకుద్దా తమ్ముడూ?" అని అడిగారు.

"దొరక్కుండా ఎక్కడికి పోతుందమ్మా?"

ఆ మాటకు ఆవిడ మొహంలో సంతోషం కనబడలేదు. గ్లాసు తీసుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయారు.

మీటర్ చూస్తే రీడింగ్ మామూలే. ఫ్యూజులన్నీ లాగాను, దొంగ లేడు. బ్యాటరీ దిగిపోయిందే గానీ చెడిపోలేదు. బ్యాటరీ దిగిన బళ్ళ కోసం సంచీలో ఉంచుకునే జంప్ స్టార్టర్ తగిలించి ఇంజిన్ నడిపి చూస్తే, బ్యాటరీకి ఛార్జి పంపే ఆల్టర్నేటర్ కూడా బాగుంది. ఏ జబ్బూ లేని బండి వారం తిరక్కుండా పడుకుంటోంది. నాకు రోషం వచ్చింది.

డ్యాష్‌బోర్డు కిందికి చూద్దామని డ్రైవరు సీట్లోకి ఎక్కితే మోకాళ్ళు స్టీరింగ్‌కి తగిలాయి. శ్రీను నాకంటే జానెడు పొడుగు.

"సీటు ఇంత ముందుకు పెట్టుకున్నారేంటండీ?"

"నేను పెట్టలేదండి. ఎప్పుడెక్కినా వెనక్కి జరుపుకుంటూనే ఉన్నా. సీటును పట్టి ఉంచే క్లిప్పు కూడా పోయినట్టుంది."

అద్దం చూశాను. అది ఎవరో పొట్టి మనిషికి సరిపోయేట్టు కిందికి వంగి ఉంది. టార్చి వేసి పెడల్స్ దగ్గరికి వంగాను. క్లచ్ పెడల్ రబ్బరు మీద ఏదో తళుక్కుమంది. గోటితో తీసి వెలుగులో పెట్టి చూస్తే చేప పొలుసు. బొచ్చె చేపది, బొటనవేలి గోరంత ఉంది.

తల ఎత్తేసరికి మెట్ల మీద నాగమణి గారు. నా చేతిలోది ఆవిడ చూశారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పొలుసు జేబులో వేసుకుని, "శ్రీను గారూ, ఒక పదిహేను యాంపియర్ల ఫ్యూజు పట్టుకురండి," అన్నాను. నా సంచీలో అవి దోసెడు ఉన్నాయి. అతను బైకు తీసుకుని వెళ్ళాడు.

"ఎప్పట్నుంచమ్మా?" అని అడిగాను.

"డ్రైవింగ్ స్కూల్లో చేరిన కాడ్నించి," అన్నారు నెమ్మదిగా. "ఎల్‌ఎల్‌ఆర్ కూడా తీసుకున్నా. వాళ్ళ బండి కాసేపేగా ఇచ్చేది. ఇంట్లో కారుంటే కూర్చుని గేర్లు అలవాటు చేసుకోమ్మా అన్నాడు ఆ మాస్టారు. అందుకని రోజూ మార్కెట్ నుంచి రాగానే కూర్చుంటా. స్టార్ట్ మాత్రం చెయ్యను తమ్ముడూ, ఒట్టు. కీ తిప్పుతా, అంతే. తిప్పకపోతే ఇండికేటర్ పలకదుగా."

"లైట్లు?"

"వేస్తా. బ్రేకు తొక్కుతా. చెమట పడుతుంటే ఫ్యానూ పెట్టుకుంటా."

నాకు నవ్వు ఆగలేదు. ఇంజిన్ నడవకుండా ఇవన్నీ వాడితే బ్యాటరీలోంచి పోవడమే గానీ వచ్చేది ఉండదు.

"అబ్బాయికి చెప్పొచ్చుగా?"

"ఈ వయసులో నీకెందుకమ్మా అంటాడు. ఆ మాట వాడి నోటెంట వినలేను. లైసెన్సు వచ్చాక చూపిద్దామనుకున్నా." ఆవిడ మెట్టు మీద కూర్చున్నారు. "మా పుట్టిల్లు గిలకలదిండి, బందరు దగ్గర. చేపల టబ్బుతో ఆటో ఎక్కితే జనం ముక్కు మూసుకుని పక్కకి జరుగుతారు. ఒక్కసారి నా కారు నేనే తోలుకుంటా మా ఊళ్ళో దిగాలని ఆశ. చెబితే తాళం దాచేస్తాడు, చెప్పకపోతే బండే అమ్మేస్తాడు. ఏం చెయ్యమంటావు?"

"నేను మీ పేరు ఎత్తనమ్మా. కానీ బండిలో లోపం ఉందని అబద్ధం చెప్పలేను."

ఆవిడ లేచి కొంగు బిగించి దోపుకున్నారు. "స్టార్ట్ చెయ్యి తమ్ముడూ. చెప్పేదేంటి, చూపిస్తా."

లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బా వెనక దాచిన ఎర్ర 'ఎల్' బోర్డులు తెచ్చి ముందూ వెనకా అంటించారు. నేను సీటును మళ్ళీ ముందుకు జరిపి, ఇంజిన్ నడిపించి, పక్కన కూర్చున్నాను. గేటు దాటేటప్పుడు నేను హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యి వేసి ఉంచాను. ఆవిడకు మాత్రం ఏ బెరుకూ లేదు. "క్లచ్చు... వదులు... మెల్లగా" అని తనకు తానే చెప్పుకుంటూ సందులోకి తిప్పారు. బండి ఒక్క కుదుపు లేకుండా కదిలింది.

సందు చివర్నించి శ్రీను వచ్చాడు. ఎదురుగా తన కారు. లోపల వాళ్ళమ్మ. సందు మధ్యలోనే బైకు ఆపేశాడు.

నాగమణి గారు ఇంజిన్ ఆగిపోకుండా బండి నిలిపి, కిటికీలోంచి తల బయటపెట్టారు.

"ఒరే శ్రీనూ, అడ్డం లేరా! నాకింకా రివర్సు సరిగ్గా రాలేదు."

అతను బైకును గోడవారకు తోసి కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఎవరు నేర్పారే అమ్మా నీకు?"

"నీ బండే నేర్పింది. రోజూ కూర్చుని ఆ బ్యాటరీ తిన్నది నేనేరా. దానికే రోగమూ లేదు. అమ్మబాకు."

శ్రీను నవ్వడం మొదలుపెడితే ఆగితే ఒట్టు. కళ్ళు తుడుచుకుంటూ నా వైపు డోరు తీశాడు.

"మీరు దిగండి మేస్త్రీ గారూ. మా అమ్మ పక్కన నేను కూర్చుంటా."

ఆదివారం ఎవరూ రానక్కర్లేదని కొనేవాళ్ళకు ఆ సాయంత్రమే ఫోను చేశాడట. నా పని అయిపోయింది గనక నేను సంతోషంగా కొట్టుకు వచ్చేశాను. ఆ రోజు నుంచి ఎవరింటికి వెళ్ళినా మీటర్ తీసే ముందు సీటు ఎక్కడుందో, అద్దం ఎటు వంగిందో చూస్తాను. ఈ బండిలో ఎవరెవరు కూర్చుంటారండీ అని అడుగుతాను. తీగల్లో దొరకని జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతోంది.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం ఫోను వచ్చింది. అవతల గాలి హోరు, ఆడవాళ్ళ నవ్వులు.

"తమ్ముడూ, గిలకలదిండి నుంచి నాగమణిని. నేనే తోలుకొచ్చా! ఇప్పుడు బండి టిక్కుమంటోంది."

"ఏం చేశారమ్మా?"

"నేనేం చెయ్యలా. మా అక్కచెల్లెళ్ళూ వదినలూ పొద్దుట్నుంచీ వరసగా డ్రైవరు సీట్లో కూర్చుంటున్నారు. ఇండికేటర్ వేసి చూడందే ఒక్కతీ దిగట్లా."

డ్యాష్‌బోర్డు దీపాలు ఇంకా వెలుగుతున్నాయట, అంటే తోస్తే ఇంజిన్ అందుకునేంత కరెంటు మిగిలే ఉంది. కీ ఆన్ చేసి, రెండో గేరులో క్లచ్ నొక్కి ఉంచి, వెనక నుంచి తోయించి, బండి వేగం అందుకోగానే క్లచ్ వదలమన్నాను. "తోసేవాళ్ళు ఉన్నారా మరి?" అని అడిగాను.

"వలలు లాగిన చేతులు తమ్ముడూ, ఇంత కారు తొయ్యలేవా?"

ఫోను సీటు మీద పడేసినట్టున్నారు. ఒక కేక, దాని వెనక ఇంకో పది కేకలు, ఇసుకలో అడుగుల చప్పుడు. ఇంజిన్ ఒకసారి దగ్గి అందుకుంది. ఆడవాళ్ళంతా ఒక్కసారి అరిచారు. నాగమణి గారు నన్ను మర్చేపోయారు. ఆటోనగర్ కొట్టులో, చేతికి గ్రీజుతో, ఆ అరుపులు ఆగేదాకా నేను ఫోను పెట్టెయ్యలేదు.