బొమ్మరింటికి వేసిన వాల్‌పేపరు

ఆ రోజుల్లో ఈ లోకంలో నాకు తెలియని విషయం ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు, ఏడాది చదివిన ఇంటీరియర్ డిజైన్ డిప్లొమా, మొయినాబాద్ రోడ్డు మీద ఒక చిన్న దుకాణంలో మూడు నెలల ఉద్యోగం. కళ్లు నెత్తికెక్కడానికి మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? రోజూ పొద్దున చేవెళ్లలో బస్సెక్కి మొయినాబాద్‌లో దిగేలోపు, కిటికీలోంచి కనిపించిన ప్రతి ఇంటికీ మనసులోనే రంగులు మార్చేసేదాన్ని. ఇక మా ఇంటి సంగతి చెప్పక్కర్లేదు. "గీ సున్నమేంది బాపూ, గీ నీలం తలుపులేంది? ఎంత పాతగున్నదో చూడు" అని ముక్కు విరిచేదాన్ని. బాపు అన్నం కలుపుకుంటూ "పాతగున్నా కారుతలేదు గద బిడ్డా" అనేవాడు. ఆయనకు అభిరుచి లేదని జాలిపడేదాన్ని.

అలాంటి నాకు మొదటిసారి ఒక పని పూర్తిగా అప్పజెప్పారు. ఊరి బయట ఫామ్‌హౌస్ ఉన్న ఒక మేడమ్ తన ఆరేళ్ల పాప పుట్టినరోజుకని చెక్క బొమ్మరిల్లు తెప్పించింది. రెండంతస్తులు, పెద్ద టీవీ వచ్చే అట్టపెట్టె అంత ఉంటుంది, ముందు వైపు గోడ ఉండదు. లోపలంతా ఖాళీ. "నాకు రెట్రో కావాలి. మా అమ్మమ్మల కాలంలో ఇల్లు ఎట్లుండేదో అచ్చం అట్ల" అందావిడ. (అచ్చం అలాంటి ఇంటిని రోజూ తిట్టుకుంటూ దాంట్లోనే పడుకుంటున్నానని నాకప్పుడు తట్టలేదు.) మా ఓనరన్న "బొమ్మల పనే కదా, నువ్వే చూసుకో" అని చేతులు దులుపుకున్నాడు.

నేను మాత్రం ఊళ్లో పెద్ద బంగళా కడుతున్నంత హడావిడి చేశాను. అగ్గిపెట్టెతో రేడియో, ఇంకో అగ్గిపెట్టెతో షట్టర్లున్న టీవీ, కరెంటు వైరు అల్లి వరండాలోకి కుర్చీలు, మా నాయనమ్మ (ఇంట్లో అందరికీ అవ్వే) పాత చీర అంచుతో పరదాలు, నలుపు తెలుపు గళ్ల కాగితంతో గచ్చు. అన్నీ కుదిరాయి కానీ గోడలు కుదరలేదు. కొత్త కాగితాన్ని పాతగా చూపించడానికి దుకాణంలో టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టేవాళ్లం. నేను ముంచిన కాగితాలు పాతగా కాదు, టీ ఒలికినట్టు కనిపించాయి.

ఆ దిగులుతోనే ఆదివారం అవ్వ ట్రంకు పెట్టెలో ఇంకో చీర ముక్క కోసం వెతికాను. అందరి ఇళ్లలో లాగే అడుగున పాత న్యూస్‌పేపర్లు పరిచి ఉన్నాయి. వాటి కింద ఇంకో రెండు పెద్ద కాగితాలు. తేనె రంగు, గట్టి కాగితం, దాని నిండా కుడి నుంచి ఎడమకు జారిపోతున్నట్టు నల్లని ఉర్దూ రాత, ఒక మూల వెలిసిన ముద్ర. ఏ ఫ్యాక్టరీలో ఇలాంటి వాల్‌పేపరు దొరుకుతుంది? అయినా పద్ధతి గల పిల్లను కనుక అడిగాను. "అవ్వా, పెట్టె అడుగున పరిచిన కాయితాలు తీస్కోనా?"

అవ్వ వాకిట్లో చింతకాయలు ఒలుస్తూ తల ఎత్తలేదు. "తీస్కో బిడ్డా. ఎన్కటియి, బూజు పట్టుంటయి. కొత్తయి పరువు."

పరిచాను. పాతవి కొలిచి కత్తిరించి, మైదాతో జిగురు లై కాచి, ఒక్క ముడత లేకుండా గోడలకు అతికించాను. మేడమ్ చూసి రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. "ఎక్కడ సంపాదించినవు ఈ పేపర్? ఎంత ఒరిజినల్‌గ ఉన్నదో!" అంది. వారం రోజులు నేను నేల మీద నడవలేదు.

ఎనిమిదో రోజు బాపు ట్రంకు పెట్టె బోర్లించి కూర్చున్నాడు. ఆయనకూ, ఆయన అన్న మా పెద్దబాపుకూ భూమి పంపకాలు జరుగుతున్నాయి. ఇద్దరూ చెరి సగమని మాట అయిపోయింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో భూమి మూలం కాగితం చూపించమన్నారు. శుక్రవారం తీసుకుపోవాలి.

"అవ్వా, అడుగున దాసిపెట్టిన భూమి కాయితాలు ఏవి?"

"నాకేం ఎర్క? పొల్ల తీసింది. ప్యాపర్లనుకొని తియ్యమన్న."

బాపు నా వైపు తిరిగాడు.

"అతికిచ్చిన బాపూ."

"దేనికి?"

"గోడకు."

బాపు మా ఇంటి నాలుగు గోడలూ చూశాడు. "ఏ గోడకు?"

"బొమ్మరింటి గోడకు. మొయినాబాద్‌ల."

బాపు కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. అలాగే నేల మీద కూర్చుండిపోయి, "మూడెకరాలు బొమ్మరింటికి అతికిచ్చినవా బిడ్డా?" అన్నాడు, చాలా మెల్లగా. పెద్దబాపు వచ్చి విషయం విన్నాడు. అర్థం కాలేదు. మళ్లీ చెప్పించుకున్నాడు. అర్థమయ్యాక మంచినీళ్లు అడిగాడు.

మర్నాడు నేనూ బాపూ ఫామ్‌హౌస్‌కు పోయాం. మేడమ్ మంచిదే, వినగానే "అయ్యో, తీస్కపోండి" అంది. కానీ లై పట్టిన కాగితం పీకితే చిరుగుతుంది, తడిపితే సిరా కారిపోతుంది. ఇల్లు ఇల్లంతా మోసుకుపోవాల్సిందే. పాప మాత్రం బొమ్మరింటికి అడ్డంగా నిలబడింది. బాపు ఆ పిల్ల ముందు వంగి కూర్చుని, తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "రెండు రోజుల్ల తెచ్చిస్త తల్లీ, నా మాట నమ్ము" అని బతిమాలాడు. పాప ఇంట్లోకి తొంగిచూసి, "నా బొమ్మలు నిద్రపోతున్నయి. లేపొద్దు మరి" అంది. బాపు ఒట్టు పెట్టాడు.

అలా మేం బొమ్మరిల్లుతో బస్సెక్కాం. బాపు ఒళ్లో ఇల్లు, ఇంట్లో మంచాల మీద దుప్పట్లు కప్పుకున్న బొమ్మలు. కండక్టరమ్మ వంగి చూసి, "ఏందే అన్నా, అందరు పొలం కాడ ఇల్లు కడ్తరు, నువ్వు కట్టుకొని తెస్తున్నవా?" అంది. బస్సంతా నవ్వింది. బాపు నవ్వలేదు. నేను సీటు కింద దూరడానికి చోటుందా అని చూశాను.

మా ఇంట్లో ఉర్దూ చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. చేవెళ్లలో పాత కాగితాలు చదివిపెట్టే రిటైరైన టీచరు ఒకాయన ఉండేవాడు, అందరూ మున్షీ సాబ్ అనేవాళ్లు. ఆయన్ను పిలుచుకొచ్చాం. చాప మీద బోర్లా పడుకుని, టార్చి వేసి, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, మున్షీ సాబ్ మా భూమిని గది గదిగా చదవడం మొదలుపెట్టాడు.

"సర్వే నంబరు వంటింట్ల దొరికింది, రాసుకోండ్రి. తూర్పు హద్దు మెట్ల పక్కకున్నది. దక్షిణం పడకింట్ల..." (ఇక్కడ మంచం అడ్డమొస్తే "మాఫ్ కర్నా బేటీ" అని బొమ్మతో చెప్పి, మంచాన్ని బొమ్మతో సహా మెల్లగా జరిపాడు.) "ఉత్తరం హద్దు కానొస్తలేదు."

"అక్కడ కిటికీ కోసిన సాబ్" అన్నాను.

పెద్దబాపు మళ్లీ మంచినీళ్లు అడిగాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. నంబరు, ముద్ర ఉన్నయి, నకలు తీస్కోవచ్చు. కాని భూమి ఎవరి పేరు మీదున్నదో ఆ పేరేది? అంతా చూసిన, ఏ గోడ మీద లేదు."

నాకు చచ్చిపోదామనిపించింది. మున్షీ సాబ్ టార్చి హాల్లో సోఫా పైకి తిప్పి ఆగిపోయాడు. పాతకాలం ఇంట్లో సోఫా పైన పటం ఉండాలి కదా అని, ఆ రాతలో అన్నిటికన్నా అందంగా ఉన్న ముక్కను కత్తిరించి, అగరుబత్తి పుల్లలతో ఫ్రేము కట్టి నేనే పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. లేచి కూర్చున్నాడు. మా తాత పేరు చెప్పలేదు. అవ్వ పేరు చెప్పాడు.

"వీళ్ల నాయిన పసుపు కుంకుమ కింద బిడ్డకు రాసిచ్చిండు. ఈ భూమి ఈ అవ్వది."

అవ్వది మేనరికం, పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒక్క ఊళ్లోనే. తాత దున్నాడు, అందరూ తాత భూమి అన్నారు. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "పెండ్లప్పుడు మా నాయిన నా చేతుల ఏదో కాయితం పెట్టిండు. మామ దాసిపెడ్తనని తీస్కున్నడు. నేను మల్ల అడగలే" అంది. తర్వాత మున్షీ సాబ్‌ను "ఇంకోపారి చదువు నాయినా" అంది. ఆయన చదివాడు. "ఇంకోపారి" అంది. మూడోసారి విన్నాక కొడుకులిద్దరినీ చూసింది.

"మా నాయిన బిడ్డకు రాసిండు. నేను నా బిడ్డకు రాయనా? మూడు పాళ్లు చెయ్యుండ్రి."

పెద్దబాపు ఈసారి మంచినీళ్లు కూడా అడగలేదు. బిడ్డంటే మా మేనత్త. పెళ్లై షాబాద్‌లో ఉంటుంది. అన్ని రోజుల పంపకాల మాటల్లో ఆమె పేరు ఎవరి నోటా రాలేదు. బాపు "సరే అవ్వా" అన్నాడు. నకలు వచ్చింది, మూడు పాళ్లయింది. బొమ్మరిల్లు చెప్పిన రోజుకే పాపకు చేరింది, బొమ్మలు నిద్రలేవకుండానే.

ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. ఎవరైనా పాత కాగితం తెస్తే, కత్తెర పట్టే ముందు చదివించుకు రమ్మంటాను. కాగితం కత్తిరించినందుకు నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. కానీ ఆ రోజు అవ్వ మాటకు అందరం నోళ్లు తెరిస్తే, ఎక్కువ తెరిచింది నేనే. చదువుకున్నదాన్ని, ఆడపిల్లను, ఆ ఇంట్లోనే తిరుగుతున్నదాన్ని. మేనత్తకు వాటా ఏదని అడగాలని నాకు ఒక్కసారైనా తోచలేదు. ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వుతూనే కాస్త తల దించుకుంటాను.