పిట్టల పంచదార

సాంబశివరావుకి తీపి మీదున్న మమకారం పెళ్లినాడే బయటపడింది. తణుకులో విడిదింట్లో పూతరేకులు పళ్లెం పళ్లెమే మాయమైతే, పెళ్లికూతురి మేనమామ పిల్లల్నందరినీ వరసలో నిలబెట్టి నిలదీశాడు. పెళ్లికొడుకు మాత్రం కండువాతో మూతి తుడుచుకుంటూ పెద్దమనిషి తరహాలో కూర్చున్నాడు. భ్రమరాంబ పుట్టింటివాళ్లు ఆ సంగతి చెప్పుకుని ఎన్నేళ్లు నవ్వారో!

ఆ పెద్దమనిషి విశాఖపట్నంలో ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పనిచేసేవాడు. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష తప్ప మరొకటి రాదు. కొత్తగా చేరిన కుర్రాళ్లు దాన్ని పాతచింతకాయ పచ్చడి అని వెక్కిరించేవాళ్లు. ఇంతలో, రెండువేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని గగ్గోలు పుట్టింది. పాత పచ్చడికి గిరాకీ వచ్చింది. భార్యనీ, కూతురు అలేఖ్యనీ తీసుకుని సాంబశివరావు సింగపూర్ వచ్చి, చోవా చూ కాంగ్‌లో తొమ్మిదో అంతస్తులో ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాడు.

గుమ్మం ముందు పొడుగాటి కారిడార్. అక్కడ భ్రమరాంబ కుండీల్లో ముద్దమందారాలు, రేక మందారాలు పెంచింది. తెల్లవారేసరికి విచ్చిన పువ్వునల్లా కోసుకొచ్చి దేవుడికి పెట్టేది. పసుపు పొట్ట, నల్లని వంకర ముక్కు ఉన్న తేనెపిట్టల జంట ఒకటి వచ్చి, ఖాళీ కొమ్మల చుట్టూ కిచకిచమంటూ తిరిగి వెళ్లిపోయేది. అది మొదట కనిపెట్టింది, సింగపూర్ బడిలో మాట మాటకీ 'లా' తగిలించడం నేర్చిన అలేఖ్య.

"నో ఫెయిర్ లా మమ్మీ! పూలన్నీ నువ్వే తీసేస్తే వాటికి బ్రేక్‌ఫాస్ట్ ఏదీ?"

భ్రమరాంబ చెంపలు వేసుకుంది. అలాగని పూజకి పూలు మానలేదు. పూలు దేవుడికి పోతే, పిట్టలకి తీపి తనే పెట్టాలనుకుంది. చిల్లీ సాస్ సీసా ఒకటి కడిగి, ఎర్రమూతకి చిల్లు పొడిచి, తలకిందులుగా ఊచకి కట్టింది. ఎండలో వచ్చిన ప్రాణికి ఏమివ్వాలో ఆమెకి తెలిసింది ఒకటే. బెల్లం నలగ్గొట్టి, ఏలకులు, మిరియాలు వేసి చక్కటి పానకం చేసి పోసింది. పిట్టలు రాలేదు. కారిడార్ పొడుగునా చీమలు మాత్రం వచ్చాయి.

చీమల బారు వెంట పక్క ఫ్లాట్ కౌసర్ కూడా వచ్చింది. హైదరాబాదు మనిషి. భర్త గియాసుద్దీన్ జురాంగ్ ఐలాండ్‌లో ఇంజనీరు. సీసా కింద వేలుపెట్టి నాలిక మీద రాసుకుని చూసి పకపకా నవ్వింది.

"మిరియాలు గూడ ఏసినవా అక్కా? పిట్టకి జలుబైందా ఏంది?"

"వేడి చేస్తుందని..."

"అయ్యో! బెల్లం వద్దు, తేనె వద్దు, రంగు గూడ వద్దు. ఉత్త తెల్ల శక్కర్. ఒక గ్లాస్ శక్కర్‌కి నాలుగు గ్లాసుల నీళ్లు. కాగబెట్టి మంచిగ సల్లారినంక పొయ్యి. ఈ ఎండలకి రోజు మార్చకుంటే పులుస్తది, పానం పోతది వాటికి. చిన్నప్పుడు మా బడి మేడమ్ వాళ్లింట్ల చూసిన."

రెండోనాడే మగపిట్ట వచ్చి ఊచ మీద వాలింది. నీలం గొంతు ఎండలో తళుక్కుమంది. అటూ ఇటూ చూసి, ముక్కు చిల్లులో పెట్టింది. తల్లీకూతుళ్లు కిటికీ వెనక ఊపిరి బిగబట్టి చూశారు.

ఆ ఏడాదే కంపెనీ చేయించిన పరీక్షల్లో సాంబశివరావుకి షుగరు బాగా ఎక్కువ ఉందని తేలింది. భ్రమరాంబ ఇల్లంతా దులిపేసింది. బెల్లం, బిస్కట్లు, అలేఖ్య చాక్లెట్లు అన్నీ కౌసర్ ఇంటికి చేరాయి. మిగిలింది అరమీద స్టీలు డబ్బాలో పిట్టల పంచదార ఒక్కటే. ఇంట్లో దాని పేరే అది. మొదటివారం సాంబశివరావు చప్పటి కాఫీని ఆముదంలా మింగాడు. రెండోవారం, "నువ్వు పూజలో ఉంటావుగా, పిట్టల నీళ్లు నేను కాస్తాలే" అన్నాడు.

పొయ్యి వెలిగించడం రాని మనిషి! భ్రమరాంబ మురిసిపోయింది. తెల్లవారగానే గ్లాసుతో కొలిచి, పంచదార గింజ కూడా మిగలకుండా కలిపి, గిన్నెని చన్నీళ్ల పళ్లెంలో పెట్టి చల్లార్చేవాడు. సీసాని సన్న బ్రష్షుతో తోమేవాడు. ఆఫీసులో రోజంతా ఒకళ్ల కింద ఒదిగి, ఇంకొకళ్ల మీద కేకలేసి వచ్చే మనిషి, ఆ కాసేపూ కూనిరాగం తీసేవాడు.

ఒకనాడు హారతి పళ్లెంతో వంటింటి గుమ్మందాకా వచ్చి భ్రమరాంబ ఆగిపోయింది. సాంబశివరావు అటు తిరిగి, సింకు మీదికి వంగి, గిన్నె ఎత్తి తాగుతున్నాడు. గటగటా కాదు. కళ్లు మూసుకుని, గుక్క గుక్కకీ ఆగుతూ. భుజాలు రెండూ జారిపోయి, బడి నుంచి వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

పిలవబోయింది. పిలిస్తే ఇటు తిరుగుతాడు, తిరిగితే ఆ మొహం చూడాలి. రెండడుగులు వెనక్కి వేసి, గట్టిగా దగ్గి, అప్పుడు లోపలికి వెళ్లింది. అప్పటికి గిన్నె కడిగేసి ఉంది.

"పిట్టలకి పోశారా?"

"పోశా. దేవుడికైతే ఎంగిలి పనికిరాదు గానీ, పిట్టలకేముందే? రుచి చూడకుండా పెడితేనే పాపం."

ఆమె నవ్వింది. ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లేముందు దగ్గడం ఆమెకి అలవాటైపోయింది. సందు దొరికినప్పుడల్లా డబ్బా మూత తీసి చూసుకునేది. పంచదార పిట్టల వాటాకి మించి తరిగేది కాదు. గిన్నె అడుగున మిగిలిన చుక్కే కదా, దానికేమవుతుందిలే అని సర్దిచెప్పుకునేది.

మరో ఏడాది తిరిగేసరికి గిరాకీ కాస్తా తల్లకిందులైంది. ఆంధ్ర నుంచి బృందాలు బృందాలుగా దిగిన కుర్రాళ్లని కంపెనీ అంతే జోరుగా వెనక్కి పంపడం మొదలెట్టింది. తెలుగువాడు కదా, మెల్లిగా చెప్తాడని ఆ కబురు చెప్పే పని సాంబశివరావుకి అంటగట్టారు. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే కూర్చుండిపోయేవాడు. "ఇవాళ కూడా ఒకణ్ణి ఏడిపించొచ్చాను భ్రమరా" అనేవాడు. అలాంటి మనిషి దగ్గర గిన్నె ఎలా లాక్కోవాలో ఆమెకి తెలియలేదు.

ఆ బూట్లే కొరికి కాలివేలి మీద పుండు పడింది. నెల గడిచినా మానలేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ కాగితాలు చూసి కళ్లద్దాలు తీసింది. మాత్రలు వేసుకుంటూ కూడా షుగరు ఇంత ఎలా ఉందని అడిగింది. తీపి ఏమైనా తింటున్నారా అని సాంబశివరావుని కాదు, భ్రమరాంబనే అడిగింది. పక్క కుర్చీలో అలేఖ్య స్కూలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సాంబశివరావు భార్య వైపు చూశాడు. అప్పుడతని మొహం, ఆమె ఆనాడు వంటింట్లో చూడలేక తప్పించుకున్న మొహమే.

"లేదు డాక్టర్. మా ఇంట్లో ఎవరూ తీపి ముట్టరు" అంది భ్రమరాంబ.

డాక్టరమ్మ నమ్మింది. తిండిలో లోపం లేదనుకుని మాత్రలు మార్చి రాసింది. బయటికొచ్చాక టాక్సీ కోసం నిలబడినప్పుడు సాంబశివరావు, "చెప్పేస్తావనుకున్నా" అన్నాడు.

"ఏవిటండీ చెప్పేది?"

"ఏం లేదులే."

మొగుడూ పెళ్లాల మధ్య ఆ విషయం అంతకంటే దగ్గరగా ఎప్పుడూ రాలేదు. వానాకాలంలో ఒక సోమవారం, ఆఫీసు లిఫ్టు ముందు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. గుండె అన్నారు. లోపల ఎన్నాళ్లనుంచో పాడవుతూ వచ్చిందన్నారు.

అలేఖ్య స్కూలు ఏడాది ముగిసేదాకా ఉండిపోవాలని భ్రమరాంబ నిర్ణయించుకుంది. ఆ మధ్యలో పిల్ల పుట్టినరోజు వచ్చింది. తండ్రి పోయిన ఇల్లని ఎవరూ ఏమీ తలపెట్టలేదు. కౌసర్ మాత్రం మనసాగక చిన్న గిన్నెలో డబుల్ కా మీఠా పట్టుకొచ్చింది.

"ఒక్క చెంచా తిను బేటా. మీ డాడీ ఉంటే గిన్నె నాకేటోడు."

అలేఖ్య గిన్నెని నెట్టేసింది. "డోంట్ వాంట్!" అని గదిలోకి పోయింది. భ్రమరాంబ వెనకే వెళ్లింది. పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఆంటీ ప్రేమగా తెస్తే అలాగా చేసేది?"

"ఐ కిల్డ్ డాడీ" అంది అలేఖ్య గోడతో.

"ఛ! అవేం మాటలే?"

"షాప్ నుంచి పంచదార నేనే తెచ్చేదాన్ని మమ్మీ. డాడీ పంపేవారు. తెచ్చి డబ్బాలో మళ్లీ ఫిల్ చేసేవాళ్లం, నీకు తెలియకుండా. 'అవర్ సీక్రెట్ లా!' అనేవారు. కాఫీలో వేసుకునేవారు, ఊరికే కూడా తినేవారు. నేను చెప్తే నువ్వు ఆపేసేదానివి కదా!"

తరగని డబ్బాని చూసుకుని భ్రమరాంబ ఎన్ని పొద్దులు గుండె మీద చెయ్యి వేసుకుందో! చుక్కే కదా అనుకుంది. తను అటు దగ్గుతుంటే, ఇటు పిల్ల సంచీ మోసింది.

ఊరుకోవచ్చు. డాక్టరు ముందు ఊరుకున్నట్టే ఊరుకోవచ్చు. అప్పుడు ఈ బరువంతా ఈ చిన్నప్రాణం మీదే ఉండిపోతుంది. మంచం మీద కూర్చుని పిల్ల వీపు మీద చెయ్యి వేసింది.

"నీ తప్పు కాదమ్మా. నాకు ముందే తెలుసు. నేను చూశాను."

అలేఖ్య ఇటు తిరిగింది. ఏడుపు ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని తల్లిని కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"తెలుసా? మరి డాక్టర్ అడిగితే లేదని ఎందుకు చెప్పావ్?"

"డాడీ సిగ్గుపడతారని" అంది భ్రమరాంబ.

పిల్ల మళ్లీ గోడవైపు తిరిగింది. ఇన్నాళ్లూ భ్రమరాంబ కొండంత కారణం అనుకుని మోసిన మాట, నోటి బయటికి వచ్చేసరికి ఇంతే. హాల్లో కౌసర్ గిన్నె మీద మూత పెట్టి, మెల్లిగా తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.