ఉప్పు డబ్బా తాళంచెవి

మా నాయిన గల్లాపెట్టెకు తాళం వేయడం ఎప్పుడైనా మరిచిపోయేవాడేమో గానీ, ఉప్పు డబ్బాకు వేయడం మాత్రం ఎన్నడూ మరవలేదు. కొత్తకోటలో, హైవే పక్కన మాకొక భోజన హోటల్ ఉండేది. కర్నూలు వైపు పోయే లారీలూ బస్సులూ మా ముందే ఆగేవి. వంటంతా చాచా చేసేవాడు. చాచా అంటే మా వంట మాస్టర్, నేను పుట్టకముందు నుంచీ మా పొయ్యి దగ్గరే ఉన్న మనిషి. పప్పు, సాంబారు, కూరలు అన్నీ ఆయన చేతివే. ఉప్పు ఒక్కటే నాయిన వేయాలి.

అదొక తతంగం. తాళంచెవి నాయిన మొలతాడుకు పిన్నీసుతో వేలాడేది. వంట కాగానే లుంగీ కొంచెం సడలించి, పొట్ట లోపలికి గుంజుకొని, తాళంచెవి బయటికి తీసేవాడు. డబ్బా తెరిచి పిడికెడు దొడ్డుప్పు పొయ్యి మీది గంజులో వేసి కలిపి, గరిటెతో అరచేతిలో ఇంత పోసుకొని నాకి, "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" వినబడేదాకా సప్లయర్లు బకెట్లు ముట్టేవాళ్లు కాదు. డ్రైవర్లు హారన్ కొట్టినా సరే, ఆయన పొట్ట ముందుగా లోపలికి పోవాల్సిందే.

దీనికొక కారణం ఉంది. నా చిన్నప్పుడు ఒకరోజు పప్పులో చాచా ఉప్పు వేశాడు. ఆ సంగతి తెలియని నాయిన తన వంతు తానూ వేశాడు. బస్సు నిండా వచ్చిన జనం మొదటి ముద్దకే మొహాలు వికారంగా పెట్టారు. ఆ బస్సు డ్రైవర్ మరునాటి నుంచి రోడ్డు అవతలి హోటల్ ముందు ఆపడం మొదలుపెట్టాడు. బుద్ధి ఉన్నవాడైతే, "ఇకనుంచి ఉప్పు నీ పని, నేను ముట్టను" అని చాచాతో చెప్పి ఊరుకునేవాడు. మా నాయిన సంతకు పోయి తాళం కొనుక్కొచ్చాడు.

అప్పటినుంచి ఆ డబ్బా ఆయనను కట్టేసింది. అయిజలో సొంత చెల్లెలు ఇల్లు కట్టుకొని పిలిస్తే, గడపలో కాలుపెట్టి, మధ్యాహ్నం సాంబారు గుర్తొచ్చి, విస్తరి ముందు కూర్చోకుండానే బస్సెక్కాడు. మా మేనత్త చాలా కాలం ఆయనతో మాట్లాడలేదు. జ్వరమొస్తే వంటింటి గుమ్మంలోనే మంచం వేయించుకున్నాడు. ఏ రుచీ తెలియని నోటితో కూరలన్నీ చూసి "ఊఁ" అన్నాడు. ఆ జ్వరం తగ్గేదాకా మా డ్రైవర్లు నీళ్లు బాగా తాగారు.

నాకు నాగర్‌కర్నూల్ సంబంధం కుదిరినప్పుడు అందరూ పెళ్లికొడుకు గురించి ఆలోచిస్తుంటే, నేను ఈ డబ్బా గురించి ఆలోచించాను. పొద్దటి వంటకూ రాత్రి వంటకూ మధ్య ఈ మనిషి బస్సెక్కి నా ఇంటికి వచ్చి, తీరుబడిగా కూర్చొని పోవడం జరిగే పని కాదు. పెళ్లయ్యాక నాయినను చూడాలంటే నేనే హోటల్‌కు వచ్చి, టోకెన్ తీసుకొని తినాలి. అదే నా దిగులు.

"ఆ తాళంచెవి చాచాకియ్యి నాయినా. జర నువ్వు కూడ మనిషి లెక్క నాలుగూర్లు తిరుగు" అన్నాను.

"ఇస్త తియ్యి. మంచిగ నేర్వనియ్యి."

"ఇన్నేండ్ల సంది వండుతుండు, ఇంకేం నేర్వాలె?"

"వండుడు వేరు బిడ్డా, ఉప్పేసుడు వేరు" అన్నాడు, ఏదో మహా విద్య గురించి చెబుతున్నట్టు.

పెళ్లి వనపర్తిలో, ఫంక్షన్ హాల్లో. బయటి వంటవాళ్లను పెట్టడానికి నాయిన ఒప్పుకోలేదు. మా హోటల్ వాళ్లే వచ్చారు. గంజులతో పాటు ఉప్పు డబ్బా కూడా తాళంతో సహా ట్రాలీ ఆటోలో వచ్చి, పెళ్లికూతురి కంటే ముందే దిగింది. వంటైన వెంటనే ఉప్పు వేసి పీటల మీద కూర్చోవాలని నాయిన ప్లాను. కట్టెలు పచ్చివి వచ్చి పొయ్యిలు మండలేదు. వంట ఆగింది గానీ ముహూర్తం ఆగలేదు.

అడ్డుతెరకు ఇటు నేను, అటు పెళ్లికొడుకు. అమ్మానాయినలు కొంగుముడితో కూర్చొని పెళ్లికొడుకు కాళ్లు కడుగుతున్నారు. అప్పుడు మండపం అంచున గరిటె పట్టుకొని చాచా ప్రత్యక్షమయ్యాడు.

"సేటూ, సాంబార్ తయారైంది. జర ఉప్పు."

అయ్యగారి మైకు పక్కనే ఉంది. ఆ ముక్క హాలంతా వినబడింది. నాయిన సగం లేచాడు. కొంగుముడి గుంజుకుంది.

"ఏడికి పోతవయ్యా?" అంది అమ్మ.

"మధ్యలో లేవద్దు" అన్నారు అయ్యగారు.

"సరే, గరిటె ఇటు తే, చూస్త" అని నాయిన అరచేయి చాపాడు. అమ్మ ఆ చేతిమీద ఫెడీమని ఒక్కటేసింది. కన్యాదానం చేసేవాళ్లు అది అయ్యేదాకా ఉపవాసం ఉండాలి. నాలుక మీద ఏదీ పడకూడదు.

"నువ్వే ఏస్కో చాచా" అంది అమ్మ.

"నేనేస్తె మల్ల సేటొచ్చి ఏస్తడమ్మా. గప్పుడేమైందో యాది లేదా? డబ్బాకు తాళం గూడ ఉంది."

పెళ్లికొడుకు తరఫు పెద్దమనుషులు భోజనాల హాలు వైపు ఆశగా చూస్తున్నారు. అమ్మాయి చేయి అబ్బాయి చేతిలో పెట్టమన్నారు అయ్యగారు. నాయిన తెర కింద నుంచి నా చేయి పట్టుకొని, కళ్లు చాచా మీద పెట్టి, కూరగాయల సంచి అందించినట్టు అందించేశాడు. నాకు ఒళ్లు మండింది.

"నాయినా, ఈ పిల్లగాన్ని నువ్వు రెండు పారీలు చూసినవ్, నన్నిచ్చినవ్. చాచాను నేను పుట్టకముందు సంది చూస్తున్నవ్. ఆయనకు ఉప్పియ్యలేవా?"

మైకు ఇదీ వదల్లేదు. హాలంతా గొల్లుమంది. తెర అవతల పెళ్లికొడుకు కూడా నవ్వుతున్నాడని, నా చేయి పట్టుకున్న చేయి అదరడంతో తెలిసింది.

నాయిన అంతమంది ముందు పట్టుపంచె సడలించి, పొట్ట లోపలికి గుంజుకొని, పిన్నీసు తీసి, తాళంచెవి చాచా చేతిలో పెట్టాడు.

"నువ్వే ఏయ్" అన్నాడు. పంచె బిగించుకుంటూ, "నేను మల్ల ఎయ్య" అన్నాడు.

చిన్న వ్యాపారాలు చేసేవాళ్లను చాలామందినే చూశాను. మొదటి మాట అందరూ అంటారు. రెండో మాట దగ్గరికి వచ్చేసరికి వాళ్లకు నోరు పెగలదు. మా నాయినతో అది అనిపించడానికి ఒక పెళ్లి చేయాల్సి వచ్చింది.

భోజనాలప్పుడు నాయిన సాంబారు కలుపుకొని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. బిడ్డ పోతుందని పాపం తట్టుకోలేకపోతున్నాడని చుట్టాలంతా ఓదార్చారు. అసలు సంగతి నాకు తెలుసు. సాంబారులో ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఆయన చేయి లేకుండా సరిపోయింది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత చాలా జాలేసింది.

కొన్ని నెలలకు నాయిన నాగర్‌కర్నూల్ వచ్చాడు. సంచిలో ఒక జత బట్టలు తెచ్చుకున్నాడు. హోటల్ పెట్టినప్పటి నుంచి ఆయన అట్లా బట్టలు సర్దుకొని ఎక్కడికీ పోలేదు. ఆ సంచి చూసి నాకు కాలు నిలవలేదు. హడావుడిగా పప్పు వండి, గరిటెతో తెచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"ఉప్పు చూడు నాయినా."

ఆయన గరిటె వైపు చూశాడు. అరచేయి కొంచెం లేచింది. మళ్లీ ఒళ్లో పెట్టేసుకున్నాడు.

"నీ ఇంట్ల ఉప్పు నన్నడుగుతవేంది? నువ్వు చూస్కో" అన్నాడు.

మారు వడ్డించుకొని మరీ తిన్నాడు. చేయి కడుక్కొని, చాప పరుచుకొని పడుకున్నాడు. కొత్తకోట బస్సు వెళ్లిపోయే టైమైనా నేను లేపలేదు.

ఆయన పడుకున్నాక నేను కంచం పెట్టుకున్నాను. పప్పులో ఉప్పు లేదు. హడావుడిలో నేను అసలు వేయనే లేదు. నాయిన అటు తిరిగి గురక పెడుతున్నాడు.