ఈ పెట్టెలో తప్ప రాదు

పళ్ళ డాక్టరుగారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటి మనిషి నోరు తెరవడం ఆలస్యం, వీడియో గేమ్ గురించి మొదలుపెడతారు. మామూలు గేమ్ అయితే సర్దుకుపోవచ్చు. ఆడినవాళ్ళు అడుగడుక్కీ చచ్చి, కంట్రోలర్‌ని సోఫాకేసి కొట్టి, ఇంకెప్పుడూ దీని జోలికి రానని ఒట్టు పెట్టుకునేంత కష్టమైన గేమ్ అయితేనే ఆయన నాలుక మీదకి వస్తుంది. అది కూడా ఆయన ఇంట్లో టీవీ కింద ఉన్న నల్ల పెట్టెలో తప్ప ఇంకెక్కడా ఆడటానికి వీల్లేనిదై ఉండాలి.

ఈ సంగతి కళ్ళజోళ్ళ షాపు అమ్మాయికి కుర్చీలో వెనక్కి వాలి, నోరు బార్లా తెరిచాక తెలిసింది. అప్పటికి పారిపోయే దారి లేదు.

ఆమె ఆ ఊరికి కొత్త. షాపుకి వచ్చినవాళ్ళకి గోడ మీద అక్షరాలు చూపించి, అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇంతకు ముందుది బాగుందా?" అని అడగడం ఆమె ఉద్యోగం. పగలంతా ఊళ్ళోవాళ్ళ కళ్ళలోకి చూసేది. షాపు మూశాక ఆమె వైపు చూసే మనిషి ఒక్కరూ ఉండేవారు కాదు. ఇది చాలదన్నట్టు జ్ఞానదంతం ఒకటి అడ్డంగా మొలిచి ప్రాణం తీస్తోంది.

"తోడు ఎవరైనా వచ్చారా అమ్మా?" అన్నారు డాక్టరుగారు గ్లౌజులు తొడుక్కుంటూ.

"లేదండీ, ఒక్కదాన్నే వచ్చాను."

"అలాగా. నోరు తెరవండి. 'బూడిద కోట' ఆడారా?"

"ఆఁ?"

"ఆడారా! ఎంతవరకు వెళ్ళారు?"

"ఊహూఁ! ఊహూఁ!"

"ఆడలేదా? అయ్యో, ఇన్నాళ్ళూ ఏం చేశారండీ మరి? వినండి. ఆ కోటలో గంటల కాపరి అని ఒకడుంటాడు. మేడంత మనిషి. నెత్తి మీద గంట. చేతిలో గొడ్డలి. గంట మోగగానే ఎగిరామా, చచ్చాం. గంట ఆగాక ఎగిరామా, అప్పుడూ చచ్చాం. నేనైతే వాడి చేతిలో చావని వారం లేదు. వాడు గొడ్డలి ఎత్తుతాడు... మెల్లిగా ఎత్తుతాడు... మనం కింద నక్కి చూస్తుంటాం... అంతే!"

ఆ 'అంతే'తో పాటు జ్ఞానదంతం ట్రేలో టంగుమని పడింది. ఆమెకి గొడ్డలి ఏమైందన్న ధ్యాసలో పన్ను పోయిన సంగతే తెలియలేదు.

"ఈ గేమ్ కంప్యూటర్లో రాదు. ఫోన్లో రాదు. పక్క కంపెనీవాడి పెట్టెలో అసలే రాదు. మా ఇంట్లో ఉందే, ఆ పెట్టెలో తప్ప రాదు," అన్నారాయన ఆమె బుగ్గలో దూది కుక్కుతూ. "ఆదివారం మధ్యాహ్నం పైకి రండి. క్లినిక్ మీదే మా ఇల్లు. వస్తారు కదూ?"

"ఎందుకులెండి, ఇంకోసారి చూద్దాం" అనబోయింది ఆమె. దూది అడ్డంపడి అందులో "ఆఁ" ఒక్కటే బయటికి వచ్చింది.

"వస్తానన్నారు!" అని డాక్టరుగారు నర్సుకి ప్రకటించేశారు.

ఆమె వెళ్ళకూడదనే అనుకుంది. కానీ ఆదివారం మధ్యాహ్నం అనేది ఒంటరి మనిషి మీద పగబట్టి పుట్టిన వేళ. కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది. కిటికీ తెరిచింది, మూసింది. అక్కకి ఫోన్ చేసింది. అందుబాటులో లేదంది ఫోను. అక్క సరుకుల ఓడలో ఇంజనీరు. ఓడ ఏదో ఒక ఒడ్డుకి దగ్గరైతే తప్ప మాట కలవదు. కలిసినా "వినిపిస్తోందా?" అని ఈమే, "నీకు వినిపిస్తోందా?" అని అక్కా అడగడంతోనే సరిపోతుంది.

చిన్నప్పుడు ఇద్దరికీ ఒకటే గది, ఒకటే పాత గేమ్ పెట్టె, ఒకటే కంట్రోలర్. ఆడేది అక్క. అక్క ఎడమ భుజానికి ఆనుకుని కూర్చుని, గోతులూ ముళ్ళూ కనిపెట్టి "ఇప్పుడు!" అని చెప్పేది చెల్లెలు. ఆ ఒక్క మాటతో ఇద్దరూ కలిసి ఎన్నో కోటలు గెలిచారు. అక్క ఓడెక్కాక చెల్లెలు మళ్ళీ ఏ గేమూ ముట్టుకోలేదు. 'ఇప్పుడు' అని చెప్పడం తప్ప ఆమెకి ఇంకేం చేతనవును? అక్క మీద బెంగ ఎక్కువై, చెప్పులేసుకుని బయల్దేరింది.

తలుపు డాక్టరుగారి భార్య తీసింది.

"పన్నా, గేమా?"

"గేమే అనుకుంటానండీ."

"అయితే లోపలికి రా అమ్మా. పన్నయితే కిందకి పంపేదాన్ని."

లోపల సోఫాలో ఇద్దరున్నారు. ఒకరు లిఫ్టు మెకానిక్. రెండోవారు రైల్వేలో రిటైరైన స్టేషన్ మాస్టారు. మధ్యలో నేల మీద డాక్టరుగారు, చేతిలో కంట్రోలర్, నుదుట చెమట. అద్దంలో చూస్తూ పంటి వేరు పట్టుకోగలిగే ఆ వేళ్ళకి, ఎదురుగా ఉన్న బటన్ ఎక్కడుందో తెలియడం లేదు.

"సిగ్నల్ పడకుండా ఎందుకు బయల్దేరావయ్యా!" అని అరిచారు స్టేషన్ మాస్టారు.

"పడిందనుకున్నానండీ!" అంటూనే డాక్టరుగారు చచ్చిపోయారు.

ఆ ఇంటి పద్ధతి ఒకటే. చచ్చినవాళ్ళు కంట్రోలర్ పక్కవాళ్ళకి ఇవ్వాలి. అది చేతులు మారుతూ మారుతూ ఈమె దాకా వచ్చింది. ఆమె చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"నేను పట్టుకోనండీ. పక్కన కూర్చుని చెబుతాను. మా ఇంట్లో అలాగే. అక్క ఆడేది, నేను చెప్పేదాన్ని."

డాక్టరుగారు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశారు. తర్వాత చప్పట్లు కొట్టారు. "ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో చచ్చేవాళ్ళే కానీ చెప్పేవాళ్ళు లేరు! రామ్మా కళ్ళజోడమ్మా, ఇలా ముందుకొచ్చి కూర్చో."

ఆమె గంట వైపు చూడలేదు. కళ్ళ ఉద్యోగం కదా, కాపరి కళ్ళు చూసింది. రెండుసార్లు చూసి, "వాడి ఎడమ కంటి రెప్ప వాలుతోంది చూడండి. అది వాలాకే దెబ్బ వేస్తున్నాడు," అంది. గదిలో అందరూ నోళ్ళు తెరిచారు, డాక్టరుగారితో సహా. ఇంక కాపరి పని అయిపోయినట్టే అనుకున్నారు.

కానీ చెప్పడం ఒక ఎత్తు, వినడం ఒక ఎత్తు. ఆమె "ఇప్పుడు!" అంటుంది. డాక్టరుగారు తల తిప్పి, "ఇప్పుడా?" అని అడుగుతారు. గొడ్డలి పడుతుంది. స్టేషన్ మాస్టారు "ఇప్పుడు" అన్న మాటని ఒకసారి తనలో తాను అనుకుని, ఖాయం చేసుకుని, అప్పుడు నొక్కుతారు. లిఫ్టు మెకానిక్ బానే ఎగిరి, సరిగ్గా గెలవబోయే ముందు ఏ గోడకో తగులుకుని చస్తాడు. అలా ఎన్ని ఆదివారాలు గడిచాయో, ఆమెకి ఆదివారమంటే భయం పోయింది.

ఒకరోజు షాపులో ఆమెతో పనిచేసే ఆవిడకి పన్ను పుచ్చింది. "అక్కయ్యా, ఆ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళు. చెయ్యి చాలా మంచిది. కాకపోతే గేముల గురించి చెప్పి బుర్ర తినేస్తారు, సిద్ధపడి వెళ్ళు," అని హెచ్చరించింది ఈమె. ఆవిడ భర్తని వెంటేసుకుని వెళ్ళొచ్చి, "గేములేంటి? ఆయన అసలు మాట్లాడితేగా! రెండు పూటలా తోముకోమన్నాడు, అంతే. మా ఆయన క్రికెట్ సంగతి ఎత్తినా 'ఊఁ' అని ఊరుకున్నాడు," అంది. ఈమెకి అర్థం కాలేదు.

అదే వారం కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి వచ్చిన ఒక టీచరమ్మ, బల్ల మీద కూర్చుని ఫోన్లో ఏదో ఆడుకుంటోంది. ఈమె తొంగిచూసింది. మేడంత మనిషి. నెత్తి మీద గంట.

"అదేంటండీ! అది ఆ నల్ల పెట్టెలో తప్ప రాదు కదా?"

"ఎప్పటి మాట అమ్మా? మొదట్లో అలాగే ఉండేది. తర్వాత అన్నిట్లోకీ వచ్చేసింది. నా ఫోన్లో చూడు, ఎంత చక్కగా చస్తున్నానో."

ఆమెకి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పి కూర్చోబెట్టారన్నమాట! ఆదివారం వెళ్ళి అందరి ముందూ అడిగెయ్యాలనుకుంది. మెట్లెక్కుతుంటే లిఫ్టు మెకానిక్ కనిపించాడు. ముందు అతని దగ్గరే కక్కేసింది.

అతను నవ్వాడు. "తెలుసమ్మా. మా ఇంట్లో కంప్యూటర్లో కూడా ఉంది. ఒకసారి ఒక్కణ్ణే కూర్చుని ఆ కాపరిని చంపేశాను కూడా."

"చంపేశారా! మరి ఇక్కడ ప్రతిసారీ గోడకి తగులుకుని చస్తారేంటి?"

"చంపేశాక లేచి నిలబడి 'గెలిచాం!' అని అరిచానమ్మా. చుట్టూ చూస్తే ఎవరూ లేరు. అంత చెత్తగా గెలవడం ఎప్పుడూ చూడలేదు నేను. మాస్టారుగారికీ తెలుసు. ఆయన మనవరాలు ఫోన్లో పెట్టిచ్చింది. జేబులో పెట్టుకుని ఇక్కడికే వస్తారు."

వాళ్ళ మాటలు విని డాక్టరుగారి భార్య తలుపు దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి, "ఆయన దగ్గర మాత్రం అనకమ్మా. ఎవరికీ తెలియదనే అనుకుంటున్నారు," అంది. "పన్ను పీకించుకోవడానికి ఎవరో ఒకళ్ళని వెంటబెట్టుకుని వస్తారు కదా జనం. ఒంటరిగా వచ్చినవాళ్ళని చూస్తే ఈయన ప్రాణం ఉసూరుమంటుంది. ఊరికే మా ఇంటికి రండి అంటే ఎవరొస్తారు? 'ఎందుకులెండి, ఇంకోసారి' అంటారు. నువ్వూ అలాగే అనబోయావట, దూది అడ్డం పడిందట. అందుకే ఈయన దూది కాస్త ఎక్కువే పెడతారు."

ఆమె కోపం ఎటు పోయిందో తెలియలేదు. తోడు ఎవరైనా వచ్చారా అని ఆయన ఆ రోజు అడిగిన ప్రశ్న చెవిలో మళ్ళీ వినిపించింది. లోపలికి వెళ్ళి, ఏమీ ఎరగనట్టు తన చోట్లో కూర్చుంది. ఆయన "ఇప్పుడా?" అని అడిగి చచ్చినప్పుడు ఆమెకి ఎంతో ఇష్టంగా అనిపించింది. అయినా ఆ పక్కన ఇంకో భుజం ఉంటే బాగుండునన్న ఆశ మాత్రం అలాగే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఫోన్ మోగింది. "వినిపిస్తోందా? ఓడ మీ ఊరి దగ్గరి రేవుకే వస్తోందే! ఆదివారం ఒక్కరోజు సెలవు!" అంది అక్క. ఈసారి ప్రతి మాటా వినిపించింది.

అక్క వచ్చింది. ఎండకి నల్లబడి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చేతుల్లో ఆయిల్ మరకలతో. ఇద్దరూ పొద్దుణ్ణుంచీ మాట్లాడుకున్నారు, తిన్నారు, మధ్యలో కారణం లేకుండా ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకున్నారు. మధ్యాహ్నం చెల్లెలు, "నీకు ఒక చోటు చూపించాలి," అని లేవదీసింది.

అక్కని చూడగానే డాక్టరుగారి మొహం వెలిగిపోయింది. "ఓహో, ఆడేవారు మీరేనా! 'బూడిద కోట' అని ఒక గేమ్ ఉందమ్మా. మహా కష్టం. ఇది ఈ పెట్టెలో తప్ప రాదు."

"అదేంటండీ, మా ఓడలో నా లాప్‌టాప్‌లో..." అని మొదలుపెట్టింది అక్క.

చెల్లెలు వెనకనుంచి గట్టిగా గిల్లింది. స్టేషన్ మాస్టారు రైలు వస్తోందన్నట్టు దగ్గారు. మెకానిక్ తల ఎత్తి పైకప్పు పరీక్షించడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఆ గిల్లుళ్ళు తిని పెరిగిన మనిషి కాబట్టి, అక్క అందరి మొహాలూ ఒకసారి చూసింది.

"...నా లాప్‌టాప్‌లో ఎంత వెతికినా దొరకలేదండీ. ఎందుకా అనుకున్నాను. ఈ పెట్టెలో తప్ప రాదన్నమాట!"

"ఎలా వస్తుందమ్మా!" అన్నారు డాక్టరుగారు జాలిగా, కంట్రోలర్ అందిస్తూ.

అక్క నేల మీద కూర్చుంది. చెల్లెలు ఎడమ భుజానికి ఆనుకుంది. "ఓడలో ఈ కాపరి దగ్గరే ఆగిపోయానే," అంది అక్క ఎవరికీ వినపడకుండా. "చెప్పేవాళ్ళు లేక."

గంట మోగింది. గొడ్డలి లేచింది. ఎడమ రెప్ప కదిలింది. చెల్లెలు "ఇప్పు..." అంది. అక్క వేలు అప్పటికే నొక్కేసింది. ఇంకోసారి, మళ్ళీ ఇంకోసారి. ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళ సముద్రం లేనట్టే ఉంది. ఒక్క దెబ్బ కూడా తగలకుండా కాపరి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గంట దొర్లుకుంటూ వెళ్ళి గోడకి తగిలి ఆగింది.

"గెలిచాం!" అని అరిచాడు మెకానిక్. ఈసారి అందరూ అతనితో కలిసి అరిచారు. డాక్టరుగారైతే భార్య చేతులు పట్టుకుని గిరగిరా తిరిగారు. తర్వాత ఉన్నట్టుండి ఆగారు. టీవీ వైపు చూశారు. సోఫా వైపు చూశారు. ఆయన మొహం వాడిపోయింది.

"అయితే... వచ్చే ఆదివారం..." అని నసిగారు.

స్టేషన్ మాస్టారు గొంతు సవరించుకున్నారు. "దీనికి రెండో భాగం ఉందటగా డాక్టరుగారూ?"

"ఉంది!" డాక్టరుగారికి ప్రాణం లేచొచ్చింది. "ఇంతకన్నా కష్టం! పెద్ద చిక్కేంటంటే, అది కూడా..."

"ఈ పెట్టెలో తప్ప రాదు!" అన్నారు అందరూ ఒక్కసారిగా.

"మీకెలా తెలిసింది?" అన్నారాయన ఆశ్చర్యపోతూ.

సాయంత్రం బయల్దేరేటప్పుడు డాక్టరుగారు గుమ్మం దాకా వచ్చారు. "ఓడలో మీకు తోడు ఎవరుంటారమ్మా?" అని అడిగారు అక్కని.

"ఇంజన్ ఉంటుందిగా," అని నవ్వింది అక్క. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

డాక్టరుగారు జేబులోంచి చిన్న టార్చి తీశారు. "ఏదీ, ఒకసారి నోరు తెరవండి."

"నాకు పన్ను నొప్పేం లేదండీ!"

"ముందు తెరవండి. ఆఁ, అలా. ఇంకొంచెం. ఓడ ఎప్పుడు ఈ ఒడ్డుకొచ్చినా ఇక్కడికొచ్చి రెండో భాగం ఆడతారు కదూ?"

"ఆఁ."

"వస్తానన్నారు!" అని ఇల్లంతా వినపడేలా కేకేశారు డాక్టరుగారు.

మెట్లు దిగుతూ అక్క చెల్లెలి భుజం మీద చెయ్యేసింది. తెల్లవారితే ఓడెక్కాలి. అయినా ఇద్దరికీ ఆ మాట ఎత్తాలనిపించలేదు.

"ఏమే, నీ నోరూ ఇలాగే తెరిపించి ఒప్పించారా ఈయన?"

"నువ్వు చవగ్గా బయటపడ్డావక్కా. నాకు పన్ను కూడా పీకారు," అంది చెల్లెలు.