గంగారాం ముక్కుకు గొట్టం ఎవరు వేయించాలి?

1967. చెరకు క్రషింగ్ జోరుగా సాగుతున్న రోజులు. నిజామాబాదులో ఒక మిషన్ ఆస్పత్రిలో మగవాళ్ళ వార్డుకు నేను స్టాఫ్ నర్సును. ఆ సీజనులో మాకు వచ్చేవన్నీ కొడవలి గాయాలు, బండి చక్రం కింద పడ్డ కాళ్ళు. అందుకే కోటగిరి వైపు నుంచి చెరకు లారీలో గంగారాంను దింపినప్పుడు నేను ముందు కాళ్ళే చూశాను. కాళ్ళకు గాయాల్లేవు. మూతి వంకర పోయి ఉంది. కుడి చెయ్యీ, కుడి కాలూ కదలడం లేదు. మాట పడిపోయింది.

మేం స్ట్రోక్ అనేదాన్ని ఊళ్ళో పక్షవాతం అంటారు. ఈ రోగికి పెద్ద గండం మింగడంలో ఉంటుంది. గొంతు పనిచేయనప్పుడు నోట్లో పోసింది కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దాన్ని ఆస్పిరేషన్ అంటాం. అందుకని ముక్కులోంచి కడుపుదాకా సన్నని రబ్బరు గొట్టం వేసి పాలూ గంజీ పంపిస్తాం. అదే రైల్స్ ట్యూబ్. వేయడం నాకు చిటికెలో పని. వేయమనే మనిషి దొరకడమే గగనమైంది.

డాక్టరమ్మ వచ్చి, "ఇంటి పెద్ద ఎవరు?" అని అడిగింది. కొంప ముంచిన ప్రశ్న అదే.

"నేనే," అంటూ గంగారాం అన్న రాజన్న మీసం సవరించుకుని ముందుకొచ్చాడు. గొట్టం చూపించగానే ఆయన ముఖం మాడిపోయింది. "ముక్కుల్నుంచా? నేను బతికుండంగ నా తమ్మునికి ముక్కుతాడు ఏస్తరా? మనిషనుకున్నరా, బండెద్దు అనుకున్నరా? ఊర్ల మా ఇజ్జత్ ఏం గావాలె?"

గంగారాం భార్య సాయవ్వ ఒప్పుకుంటుందేమోనని చూశాను. ఆమె తలుపు వెనక ఉంది. బావ ఎదుటికి రాకూడదు, బావతో నోరెత్తి మాట్లాడకూడదు. పెళ్ళయిన నాటి నుంచీ అదే పద్ధతట. దాంతో మాట మోసే పని నా నెత్తిన పడింది.

"సిస్టరమ్మా, బావకు చెప్పుండ్రి. ఆయన ఆకలికి అస్సలు ఆగడు," అంది తలుపు వెనక నుంచి.

నేను రాజన్న వైపు తిరిగాను. "ఆకలికి ఆగడట."

"ఇనబడ్డది. నా తమ్ముని ఆకలి నాకెర్క లేదా? పావురం శోర్వ తాపిస్తె లేసి కూసుంటడని మరదలుకు చెప్పు."

పక్షవాతానికి పావురం మాంసం పులుసే మందని ఊళ్ళో నమ్మకం. నేను తలుపు వైపు తిరిగాను. "పావురం శోర్వ తాగిస్తాడట."

"నాకూ ఇనబడ్డది," అంది తలుపు.

ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క మంచం. ఆ మంచం మీది మనిషికీ అంతా వినబడుతోంది. పాపం, అన్న మాట్లాడితే అన్న వైపు, భార్య మాట్లాడితే తలుపు వైపు కళ్ళు తిప్పుతున్నాడు. సెలైన్ ఎక్కుతోంది కానీ దాంతో ఆకలి తీరుతుందా? మనిషి రోజురోజుకీ నీరసించిపోతున్నాడు. ఇంకా ఆలస్యమైతే దక్కడని డాక్టరమ్మ నాతో అంది. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

ఒక మధ్యాహ్నం నేను పక్క మంచం దగ్గర కట్టు కడుతుంటే గంగారాంకు పొలమారింది. వెళ్ళి చూద్దును గదా, రాజన్న కండువా కింద టిఫిన్ డబ్బా, చేతిలో చెంచా! పావురం శోర్వ. గంగారాం పెదాలు నల్లబడుతున్నాయి. గబుక్కున పక్కకు తిప్పి, సక్షన్ పెట్టి గొంతులోది లాగేశాను. ఊపిరి అందింది. నేను సక్షన్ గొట్టం ఇంకా పక్కన పెట్టనేలేదు, రాజన్న మళ్ళీ చెంచా ముంచాడు. "గొంతు ఎండిపోయింది సిస్టరమ్మా, గందుకె దిగుతలేదు. ఇంకో చెంచ పోస్తె..."

"బావా! గా చెంచ కింద పెట్టు!"

వార్డులో తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. సాయవ్వ తలుపు దాటి లోపలికొచ్చేసింది. కొంగు జారింది, సర్దుకోలేదు.

"నీ ఇజ్జత్ కోసం నా మొగన్ని సంపుతవా? సిస్టరమ్మా, ముక్కుల్నే ఎయ్యుండ్రి గొట్టం. ఊరోళ్ళు నవ్వితే నవ్వనీ. గా నవ్వుడు సూడనీకైన మనిషి ఉండాలె గదా!"

పక్క మంచం రోగికి తోడున్న ముసలమ్మ బుగ్గ మీద చెయ్యేసుకుని, "ఓ అవ్వో, బావతోని మాట్లాడింది," అంది. ఆవిడకు మా రోగి ప్రాణం కంటే అదే పెద్ద వార్త.

రాజన్న చెంచా పెట్టేసి వరండాలోకి వెళ్ళిపోయాడు. కొట్లాట తప్పదనుకుంటూ గొట్టం వేసి, పాలు పంపి, బయటికెళ్ళాను. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"చిన్నప్పటి సంది నేనే తినవెట్టిన సిస్టరమ్మా వానికి. ఇయ్యాల నా చేతులతోనే సంపేటోన్ని," అన్నాడు. అప్పటిదాకా ఆ మీసం మీద ఉన్న కోపమంతా కరిగిపోయింది నాకు.

కొన్ని వారాలకు గంగారాం మింగడం మొదలుపెట్టాడు. గొట్టం తీసేశాం. ముద్దముద్దగా మాటా వస్తోంది. ఇంటికి వెళ్ళే రోజున రాజన్న మంచం దగ్గర నిలబడి, "తమ్మీ, నేను వద్దన్న, నీ పెండ్లాం ఏయించింది. గిసొంటియి ఎవరు చెప్తె చెయ్యాలె? ఇప్పుడన్న చెప్పు," అన్నాడు.

గంగారాం ఎడమ చెయ్యెత్తి సాయవ్వను చూపించాడు. "దాని... మాటే," అన్నాడు.

రాజన్నకు రోషం పొడుచుకొచ్చింది. "గీ ముచ్చట ముందుగాలనే చెప్తె అయిపోతుండె గదరా! గింత లొల్లి అయితుండెనా?"

మాట పడిపోయిన మనిషి ముందుగా ఎలా చెబుతాడని వార్డంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆలోచిస్తే రాజన్న అన్నదాంట్లో తప్పేముంది? మాట ఉన్నప్పుడే చెప్పాలి. ఆ తర్వాత నేను ఏ స్ట్రోక్ రోగి దగ్గరా ఇంటి పెద్ద ఎవరని అడగలేదు. ఈయన ఎవరి మాట వింటాడని అడిగేదాన్ని.

మా ఇంట్లో పెత్తనమంతా మా ఆయన అక్కది. గంగారాం వెళ్ళిన సాయంత్రం అన్నం పెడుతూ మా ఆయనతో చెప్పాను. "రేపు నాకేమైనా అయితే ఏం చెయ్యాలో మీరే చెప్పాలి. మీ అక్క కాదు."

ఆయన పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. "గా మాట మా అక్కకు ఎవరు చెప్పాలె?"

మర్నాడు ఆదివారం. చర్చి విడిచాక నేనే చెప్పాను, ఆమె ముఖం మీదే.